‘ఆదిత్య 369’కి ముందుకథ

‘ఆదిత్య 369’లో టైమ్ మెషీన్ మొదట వెళ్ళి ఆగేది 1526లో. ఆ అంకె మీద నాకు చిన్నప్పటినుంచీ ప్రేమ. శ్రీకృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 వరకు అని ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలనంటే అది సోషల్ సార్ పుణ్యం కాదు, సింగీతం శ్రీనివాసరావు పుణ్యం. ఈమధ్య ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ ఏడాది విజయనగరంలో నిజంగా ఏం జరుగుతోంది?

ప్రశ్న పుట్టింది వాట్సాప్ గ్రూపులో. ముగ్గురం ఒకే ఇంజినీరింగ్ హాస్టల్లో చదివాం: ప్రొద్దుటూరు నుంచి నేను, జమ్మలమడుగు వాడొకడు, పులివెందుల వాడొకడు. సినిమా వచ్చింది 1991 జులైలో కాబట్టి మేమెవరం థియేటర్లో చూసినవాళ్ళం కాదు. టీవీలో, యాడ్ల మధ్యలో, కరెంటు పోకుండా ఉంటే చివరిదాకా చూసినవాళ్ళం. 2025 ఏప్రిల్లో 4కె చేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు ముగ్గురం మూడు ఊళ్ళలో చూసి, ఆ రాత్రే గొడవ పెట్టుకున్నాం. ‘ఆదిత్య 999’ అనే మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం కదా, అది రావాలా వద్దా అని.

“దాన్ని ముట్టుకోవద్దప్పా. మన చిన్నప్పటిది, అట్లే ఉండనీ” అన్నాడు పులివెందుల వాడు.

“నీ చిన్నప్పటిది నీ దగ్గర్నే ఉంటాది లేరా. ఎవరెత్తకపోతారు? సీక్వెల్ కాదు, నన్నడిగితే ప్రీక్వెల్ తీయాల. ఆ ప్రొఫెసర్ రామదాసు మెషీన్ ఎట్ల జేసినాడో చూపియ్యాల” అన్నాడు జమ్మలమడుగు వాడు.

వీడు ప్రీక్వెల్స్ పక్షం కావడానికి కారణం ఉంది. హాస్టల్లో స్టార్ వార్స్ సినిమాలు ఎవరిదో హార్డ్ డిస్కులో ఒకే ఫోల్డర్లో ఉండేవి. 1977లో మొదట వచ్చినదానికి నాలుగో నెంబరు, 1999లో వచ్చినదానికి ఒకటో నెంబరు. వాడు బుద్ధిమంతుడిలా ఒకటో ఫైలు నుంచి మొదలుపెట్టాడు. దాంతో ప్రపంచమంతా నోరు తెరిచిన “నేనే నీ తండ్రిని” ఘట్టం వచ్చేసరికి వాడికి ఆశ్చర్యమే లేదు. “తెలుసు కదరా, ముందే చెప్పినారు” అన్నాడు. మేం తల పట్టుకున్నాం. కానీ ఆలోచిస్తే వాడిది మన పద్ధతే. కర్ణుడు కుంతి కొడుకని తెలియకుండా ఏ తెలుగు పిల్లవాడు మహాభారతం విన్నాడు? తెలిసి చూడటంలోనే మనకి రుచి.

అమెరికాలో అది యుద్ధమే అయింది. మొదటి మూడు సినిమాలతో పెరిగినవాళ్ళు 1999 తర్వాత వచ్చిన మూడింటినీ తిట్టిపోశారు. జార్ జార్ పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్‌ని ఎంతగా వేధించారంటే, ప్రాణం తీసుకుందామన్న ఆలోచన దాకా వెళ్ళానని 2018లో ఆయనే చెప్పాడు. మరి ఆ సినిమాలనే ముందు చూసి పెరిగిన పిల్లలు? వాళ్ళకి అవే ఇష్టం. ఎవరి తొలిప్రేమ వారిది. కాకపోతే తొలిప్రేమ పేరుమీద ఒక మనిషిని అంత దూరం నెట్టినవాళ్ళని నేను అభిమానులని అనలేను.

సరే, రామదాసు ముందుకథ నాకంత రుచించలేదు. మెషీన్ ఎలా తయారైందన్నది మాలాంటి ఇంజినీర్ల కుతూహలం. అసలు ముందుకథ మెషీన్‌కి అటువైపు ఉంది. 1526కి ముందు 1525 ఉంటుంది, 1524 ఉంటుంది. అప్పుడేమైంది? రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చువేసిన విజయనగర చరిత్ర తీసి, అందులో అనువదించిన పోర్చుగీసు రాతలు చదివాను.

నూనిజ్ గుర్రాల వర్తకుడు, రాయలు పోయిన కొన్నేళ్ళకే రాశాడు. అతని కథనం ఇది. రాయలు బతికుండగానే ఆరేళ్ళ కొడుకుకి పట్టం కట్టాడు. ఎనిమిది నెలల పాటు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల మధ్యే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. మంత్రి సాళువ తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాజుకి చెప్పారు. తనని సింహాసనం ఎక్కించిన తిమ్మరుసుని, అతని కొడుకుల్నీ రాయలు నిండుసభలో నిలదీసి చెరలో వేయించాడు. మూడేళ్ళు అలా ఉన్నాక ఒక కొడుకు తప్పించుకుపోయి తిరగబడ్డాడు. అతన్ని పట్టుకొచ్చాక రాయలు వాళ్ళ కళ్ళు తీయించాడు. శాసనాల్లో ఆ పసివాడు తిరుమలరాయల పేరు కనిపించేది 1524లో.

ఇప్పుడు లెక్క వేయండి. నూనిజ్ మాట నమ్మితే 1526లో రాయలు కొడుకు పోయిన తండ్రి. “అప్పాజీ” అని పిలిచిన మనిషి చెరలో ఉన్నాడు, కళ్ళు ఇంకా పోలేదు. మరో మూడేళ్ళకి రాయలే ఉండడు. మన సినిమాలో అదే 1526లో సింహనందినిగా సిల్క్ స్మిత నాట్యం, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ చమత్కారం, జంధ్యాల మాటలు, ఇళయరాజా పాటలు. ఆ చెర నీడ నాకెక్కడా కనపడలేదు. (అన్నట్టు అదే 1526లో ఉత్తరాన పానిపట్టు యుద్ధం అయ్యాక ఆగ్రాలో హుమాయూన్ చేతికి ఒక పెద్ద వజ్రం వచ్చిందని బాబరే రాసుకున్నాడు. రాయలకాలం నాటి వజ్రం చుట్టూ తిరిగే సినిమాకి ఇంతకన్నా మంచి సంవత్సరం దొరకదు.)

ఇక్కడ నాకు తట్టిన సంగతి: ‘ఆదిత్య 369’కి ప్రీక్వెల్ కొత్తగా తీయక్కర్లేదు. అది 1962లోనే వచ్చేసింది, ‘మహామంత్రి తిమ్మరుసు’ పేరుతో. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, గుమ్మడి తిమ్మరుసు, ఎన్టీఆర్ రాయలు. పసివాడి చావు, నింద, కళ్ళు తీయించడం, తర్వాత రాయల పశ్చాత్తాపం అన్నీ అందులో ఉన్నాయి. నూనిజ్ లెక్క పక్కనపెట్టి సినిమా వరకే చూస్తే, తండ్రి వేసిన రాయలు ఏడ్చి ముగించాక, ఇరవైతొమ్మిదేళ్ళకి కొడుకు వేసిన రాయలు నవ్వుతూ తెర మీదకి వచ్చాడు. మధ్యలో జరిగినదంతా తుడిచేసుకుని వచ్చాడు. ఎవరూ ప్లాన్ చేసి చేసింది కాదు. అందుకే ఇంకా బాగుంది.

అసలు ఆ మెషీన్ వెళ్ళింది విజయనగరానికి కాదని నా అనుమానం. అది వెళ్ళింది 1950ల మద్రాసుకి, వాహినీ స్టూడియోకి.

మా జిల్లావాడిగా ఈ ముక్క చెప్పేటప్పుడు కొంచెం ఛాతీ ఉబ్బుతుంది, మన్నించాలి. బి.ఎన్.రెడ్డి పుట్టింది పులివెందుల దగ్గర కొత్తపల్లిలో. తమ్ముడు బి.నాగిరెడ్డి. 1951లో అన్న ‘మల్లీశ్వరి’ తీశాడు, అదే ఏడాది తమ్ముడి విజయా సంస్థ నుంచి ‘పాతాళభైరవి’ వచ్చింది. ఒకటి రాయలకాలం కథ, ఇంకొకటి మంత్రాల కథ. ఈ రెండింటినీ కలిపి, మంత్రం స్థానంలో మెషీన్ పెట్టండి. ‘ఆదిత్య 369’ దాదాపు తయారు. ‘పాతాళభైరవి’ దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రి ప్రాంతం వాడు. ఆయన దగ్గర ‘మాయాబజార్’కి సహాయకుడిగా పనిచేసినవాడు సింగీతం. వంశవృక్షం ఇంత సూటిగా ఉంది. హెచ్.జి.వెల్స్ 1895 నవలలో మనిషి మనకి చూపించేదంతా భవిష్యత్తే, 8,02,701వ సంవత్సరం దాటి కూడా పోతాడు. మనవాళ్ళు ఆ మెషీన్ చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పారు. ముందుకి 2504 దాకా వెళ్ళి, అక్కడ అణుయుద్ధం తర్వాత భూమి కింద బతికే జనాన్ని కాసేపు చూసి వచ్చేశారు. చిన్నప్పుడు నాకు ఆ 2504 భాగమే ఇష్టం. ఇప్పుడది వస్తే ఫోన్ చూసుకుంటాను.

‘మల్లీశ్వరి’ గురించి ఒక మాట. అందులో రాయలు మారువేషంలో తిరిగే దయగల రాజే. కానీ అంతఃపురం మాత్రం బంగారు పంజరం, లోపలికి పోయిన పిల్ల బయటికి రాలేదు. బి.ఎన్. తన రాయల్ని ప్రేమిస్తూనే ఆ గోడల్ని దాచలేదు. నలభైయేళ్ళు గడిచేసరికి గోడలు పోయి పండగ మాత్రం మిగిలింది. టెక్నాలజీ పెరిగినకొద్దీ జ్ఞాపకం తీపెక్కడం నాకు కొంచెం భయంగానే ఉంటుంది.

ఇది సినిమాలతో మొదలైన జబ్బు కూడా కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలింది. ఆ తర్వాత, 1600 ప్రాంతంలో, మదురై నాయకుల ఆస్థానంలో ‘రాయవాచకము’ అనే వచనం పుట్టింది. రాయలకాలంలోనే హంపీ నుంచి ఒక స్థానాపతి తన ప్రభువుకి కబుర్లు పంపుతున్నట్టు దాన్ని రాశారు. అంటే పోయిన వైభవాన్ని, ఇంకా జరుగుతున్నట్టు, లైవ్ కామెంటరీలా చెప్పించారు. ఫిలిప్ వాగనర్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ఈ కాలనిర్ణయం చేశాడు. మా గండికోట పెమ్మసాని రామలింగనాయుడు అందులో పెద్ద హీరో. నా దృష్టిలో అది తెలుగులో తొలి ఫ్యాన్ ఫిక్షన్. చరిత్రకారులు దాన్ని పట్టుకుని తేదీలు సరిపోలలేదని విసుక్కున్నారు. తేదీలు సరిపోవు మరి. కూలిపోయిన ఇంటి ఫొటో గీసుకునేవాడు కిటికీలు లెక్కపెట్టి గీయడు.

ముందుకథ తర్వాత చెప్పడమన్నా మనకి కొత్త కాదు. రాముడి పట్టాభిషేకం కూడా అయ్యాక, ఉత్తరకాండలో అగస్త్యుడు వచ్చి రావణుడి పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతాడు. చచ్చిపోయిన విలన్‌కి ప్రీక్వెల్. మా పక్కనే నంద్యాల ప్రభువులకి పింగళి సూరన అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’లో ఇంకా చిత్రం. ఊయల వయసు మధురలాలస మెళ్ళో ఒక మణి వేస్తారు, అది గుండెకి తగలగానే ఆ పసిపాప పూర్వజన్మ కథంతా చెప్పడం మొదలుపెడుతుంది. వజ్రం పట్టుకుని వెనక్కి వెళ్ళడం పదహారో శతాబ్దంలోనే అయిపోయిందన్నమాట. సూరన ప్లాట్ అర్థం కావడానికి నేను ఫ్లోచార్టు గీసుకున్నాను, రెండు పేజీలు పట్టింది. ఆయనకి స్క్రీన్‌ప్లే డాక్టర్ల అవసరం ఉండేది కాదు.

మరి ‘ముట్టుకోవద్దు’ అనే వాదన ఎక్కడినుంచి వచ్చింది? రీలు మీద అచ్చయిన కథని మనం తాళపత్రం కన్నా ఎక్కువ పవిత్రంగా చూస్తున్నామనుకుంటా. 2010 జనవరిలో ‘మాయాబజార్’కి రంగులు వేసి విడుదల చేశారు. నిడివి కూడా తగ్గించారు. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలకి రంగెందుకని మా ఇంట్లో పెద్దవాళ్ళు బాధపడ్డారు. అదే ఇంట్లో పిల్లలు ఆ రంగు ప్రింటులోనే మొదటిసారి ఘటోత్కచుణ్ణి చూసి పడీపడీ నవ్వారు. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరవగానే “ల్యాప్‌టాప్!” అని అరిచింది కూడా వాళ్ళే. నలుపు తెలుపు ప్రింటు ఎక్కడికీ పోలేదు కాబట్టి నాకు ఆ రంగులతో పేచీ లేదు. పాతది దొరక్కుండా చేసినప్పుడే నేను గొంతు పెంచుతాను. జార్జ్ లూకాస్ 1997లో తన పాత సినిమాల్ని మార్చి, ఆ తర్వాత మార్చినవాటినే అసలువిగా చలామణీ చేశాడు. అభిమానుల కోపంలో అది మాత్రం న్యాయమైన కోపం.

2024లో ‘కల్కి 2898 ఏడీ’ కూడా ఇదే దారి పట్టింది. సినిమాకి నెలరోజుల ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు భాగాల యానిమేషన్ ముందుకథ వదిలారు. పెద్దవాళ్ళు దాన్ని ప్రచారం కింద కొట్టిపారేశారు. పిల్లలకి అదే అసలు సినిమా, థియేటర్లోది దానికి కొనసాగింపు. ఆ సినిమా స్క్రిప్టుకి మార్గదర్శి ఎవరంటే, తొంభై దాటిన సింగీతమే. ‘మాయాబజార్’ సెట్లో నిలబడ్డ మనిషి అక్కడిదాకా వచ్చాడు.

ఇదంతా గ్రూపులో ముక్కలు ముక్కలుగా పెడితే పులివెందుల వాడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత, “తిమ్మరుసు జైల్లో ఉన్నాడని తెలిసినాక ఆ పాటలు ఎట్ల వినేది రా ఇంక?” అని మెసేజి పెట్టాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను వింటూనే ఉన్నాను, కాకపోతే ఆ పాట వెనక ఇంకో గది ఉన్నట్టు అనిపిస్తోంది.

జమ్మలమడుగు వాడు మాత్రం ప్రీక్వెల్ వదిలేసి సీక్వెల్లోకి దిగాడు. మెషీన్ ఈసారి 1652లో, వాళ్ళ గండికోటలో ఆగాలట. కథ కూడా చెప్పాడు. అప్పటికి కోట గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఫ్రాన్సు నుంచి తవెర్నియే అనే నగల వర్తకుడు బేరానికి వచ్చి అక్కడే ఉన్నాడు, ఇది ఆయన తన యాత్రల పుస్తకంలో రాసుకున్నదే. ఒక ఫ్రెంచి మేస్త్రీ కోటలో ఫిరంగులు పోతపోస్తున్నాడు. పెన్న లోయ అంచున బాలకృష్ణ దిగి, “ఇది రాయలవారి రాజ్యమేనా?” అని కాపలావాణ్ణి అడుగుతాడు.

“వాడేమంటాడు?” అన్నాను.

“ఏ రాయలు? అంటాడు. ఆడ ఇంటర్వెల్.”

“ఈ సినిమా ఎవడు చూస్తాడ్రా?” అని పులివెందుల వాడు.

“నీ కొడుకు చూస్తాడు లే.”