రాజగ్రంథాలయములో ఒక కల్పిత వేదము



వేదము అపౌరుషేయమని, దానికి కర్త లేడని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. అట్టి వేదము పేరుతో ఒకానొకరు కాగితముపై వ్రాసిన పుస్తకము పారిస్ రాజగ్రంథాలయములో చేరి, యూరపు పండితుల మన్ననలందుకొన్న వృత్తాంతమును నేడు స్మరింతము.

1760లో మన దేశమునుండి తిరిగి వెళ్ళిన మోదావ్ అను ఫ్రెంచి సైనికాధికారి, ప్రఖ్యాత రచయిత వోల్టేరుకు ఒక వ్రాతప్రతిని ఇచ్చినాడు. పేరు ‘ఎజూర్ వేదం’. యజుర్వేద శబ్దమే ఫ్రెంచివారి నోట ఇట్లు మారినది. వోల్టేరు ఆనందమునకు మేర లేకపోయినది. ఇది అలెగ్జాండరు దండయాత్రకు పూర్వపుదనియు, శ్రీరంగములోని ప్రధానార్చకుడు ఫ్రెంచిలోనికి అనువదించినాడనియు వ్రాసి, 1761లో రాజగ్రంథాలయమునకు సమర్పించినాడు. 1778లో అది రెండు సంపుటములుగా అచ్చయినది.

ఇంతకు అందులో ఉన్నదేమి? వ్యాసునకు సుమంతునకు సంభాషణ. వ్యాసుడు మన పురాణగాథలను చెప్పును. సుమంతుడు వాటిని ఖండించి, విగ్రహారాధన తగదని, దేవుడొక్కడేనని బోధించును. గురువు అజ్ఞాని, శిష్యుడు ఉపదేష్ట! వ్యాసుడు యజుర్వేదమును వైశంపాయనునకు, అథర్వమును సుమంతునకు అప్పగించినాడని మన పురాణములు చెప్పుచుండగా, ఇచ్చట యజుర్వేదము సుమంతుని నోట పెట్టబడినది. ఇక స్వరము లేదు, ఋషి లేడు, ఛందస్సు లేదు. తైత్తిరీయము వల్లించు ఏ తెలుగు బాలుని అడిగినను ఇది వేదము కాదని చెప్పియుండెడివాడు. అడిగినవారే లేరు.

1782లో సొన్నెరా అను ఫ్రెంచి యాత్రికుడు తన గ్రంథములో, ఇది నాలుగు వేదములలో ఏదియు కాదనియు, మన మచిలీపట్నములో ఒక మతప్రచారకుడు వ్రాసిన వాదగ్రంథమనియు తెలిపినాడు. క్రైస్తవ మతప్రచారకునిదని చెప్పబడిన ఆ పుస్తకమునే వోల్టేరు చర్చి ప్రాచీనతను తక్కువ చేయుటకు ఆయుధముగా వాడుకొనుట విచిత్రము.

అంతకంటె విచిత్రము వేరొకటి ఉన్నది. తెలుగు ప్రాంతమున పనిచేసిన కాల్మెత్ అను జెసూట్ పాదిరి 1730 దశకములోనే అసలు వేదముల ప్రతులను సంపాదించి అదే రాజగ్రంథాలయమునకు పంపియుండెను. అవి అచ్చటనే ఉన్నవి. చదువగలవారు లేరు. ఫ్రెంచిలో ఉన్నది గనుక కల్పితమునకు గౌరవము, సంస్కృతములో ఉన్నవి గనుక నిజమైనవాటికి మౌనము. మనలను ఆదిగురువులని పొగడిన పుస్తకము గనుక, ఆనాడు మన చేతికి వచ్చియుంటే మనము మాత్రము పరీక్షించియుందుమా? మా మట్టుకు మాకు ఆ ధైర్యము లేదు.

తరువాత మద్రాసు ఉద్యోగి ఎల్లిస్ పుదుచ్చేరి మిషనరీల వద్ద దీని మూలప్రతిని, ఇటువంటివే మరికొన్ని కల్పిత వేదములను చూచినాడు. 1816లో తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించిన పండితుడీయనయే. ఆ ప్రతులలో ఒకవైపు ఫ్రెంచి, మరొకవైపు రోమను లిపిలో సంస్కృతము. ఆ సంస్కృతపు వర్ణక్రమము వంగదేశపు ఉచ్చారణను పోలియున్నదని ఆయన గుర్తించినాడు. ఆయన వ్యాసము 1822లో, మరణించిన మూడేండ్లకు, అచ్చయినది. కాని కర్త విషయములో ఆయనయు తప్పటడుగు వేసి, 1656లో మరణించిన రాబర్టు డి నోబిలిపై నింద మోపినాడు. 1984లో లూడో రోషే సమగ్రముగా పరిశోధించి ఆ నిందను తొలగించినాడు. ఫ్రెంచి పాఠమే మూలమని, కర్త ఎవరో నిర్ధారింపజాలమని ఆయన తేల్చినాడు. వ్రాసినవాడు యూరపును మోసగింపదలచినాడని కూడ చెప్పలేము. మన వారిని మతము మార్చుటకే వ్రాసియుండవచ్చును. దానిని ప్రాచీన వేదముగా సింహాసనమెక్కించినది చదివినవారే.

1845లో పారిస్ నగరముననే బుర్నూఫ్ ఋగ్వేదమును పాఠము చెప్పుచుండగా వినిన యువకులలో మాక్స్ ముల్లర్ ఒకడు. విజయనగర కాలపు సాయణాచార్యుల భాష్యముతో ఆయన పరిష్కరించిన ఋగ్వేదము మొదటి సంపుటము 1849లో వెలువడినది.