రహస్య ఫైళ్ళ గది ముందు పదిమంది

అమెరికా అధ్యక్షుడి చేతికి రోజూ పొద్దున్నే పలుచటి కాగితాల కట్ట ఒకటి అందుతుంది. పేరు ప్రెసిడెంట్స్ డైలీ బ్రీఫ్. పత్రికలవాళ్ళు పీడీబీ అంటారు. 2001 ప్రాంతంలో దాన్ని సీఐఏ తయారుచేసేది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన రహస్య సమాచారంలో అధ్యక్షుడు చూసి తీరాల్సిందేదో ఏరి అందులో పెట్టేవారు. ప్రభుత్వంలోనే కొద్దిమందికి తప్ప దాన్ని చూసే వీలు లేదు. కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, చూపించే ఆనవాయితీ లేనే లేదని వైట్‌హౌస్ వాదన. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద వేసిన విచారణ కమిషన్ ఆ కాగితాలు కావాలంది. ఇవ్వబోమని వైట్‌హౌస్ అంది. తర్వాత జరిగిన కథ మన దగ్గరివాళ్ళకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఎందుకంటే మన దేశంలో ఏ ఘోరం జరిగినా, కమిషన్ వేశారని తెలియగానే మనం అడిగేవి రెండే: జడ్జి ఎవరు, రిపోర్టు ఎప్పుడు. ఆ జడ్జికి ఏ ఫైలు చూపిస్తారు, ఏది దాస్తారు, ఆ సంగతి తేల్చేదెవరు అని అడగం. నేను ఉంటున్న న్యూజెర్సీలో నలుగురు ఆడవాళ్ళు అదే అడిగారు. నలుగురి భర్తలూ ఆ రోజు వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో చనిపోయారు. మొత్తం 2,977 మంది మృతుల్లో న్యూయార్క్ తర్వాత ఎక్కువమంది ఈ రాష్ట్రంవాళ్ళే. మన తెలుగువాళ్ళూ ఉన్నారు. స్వతంత్ర కమిషన్ వెయ్యడం అధ్యక్షుడు జార్జి బుష్‌కు మొదట ఇష్టం లేదు. ఈ నలుగురూ మిగతా బాధిత కుటుంబాలను కలుపుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి, వాషింగ్టన్‌లో సెనేటర్ల ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2002 నవంబరు 27న బుష్ కమిషన్ చట్టం మీద సంతకం పెట్టారు. మొదట చైర్మన్‌గా ప్రకటించింది మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్‌ను. ఆయన సలహా సంస్థకు డబ్బు కట్టే ఖాతాదారులెవరో చెప్పమని పట్టుబట్టేసరికి, చెప్పడం కంటే తప్పుకోవడమే మేలనుకున్నారు. అప్పుడు వచ్చినవాడు థామస్ కీన్, న్యూజెర్సీ మాజీ గవర్నర్, రిపబ్లికన్. వైస్ చైర్మన్ లీ హామిల్టన్, ఇండియానా నుంచి చాలా ఏళ్ళు కాంగ్రెస్‌లో ఉన్న డెమొక్రాట్. మొత్తం పదిమంది, పార్టీకి ఐదుగురు చొప్పున.

చట్టం వీళ్ళకు సమన్లు జారీచేసే అధికారం ఇచ్చింది. కానీ దాన్ని వాడాలంటే చైర్మన్, వైస్ చైర్మన్ ఇద్దరూ ఒప్పుకోవాలి, లేదా ఆరుగురు ఓటెయ్యాలి. ఒక్క పార్టీ బలంతో సమను బయటికి రాదు. గడువు 18 నెలలు. మొదట కేటాయించిన సొమ్ము 30 లక్షల డాలర్లు. అంత పెద్ద ప్రభుత్వ యంత్రాంగాన్ని తవ్వి చూడటానికి అది ఏ మూలకూ చాలదు. తర్వాత పెంచాల్సి వచ్చింది.

అధికారం కాగితం మీద ఉంటే సరిపోదని ఈ దేశానికి ముందే అనుభవం ఉంది. 1963లో అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురైనప్పుడు వేసిన వారెన్ కమిషన్‌లో అలెన్ డలెస్ సభ్యుడు. ఆయన సీఐఏకి మాజీ అధిపతి. అయినా క్యూబా నాయకుడు కాస్ట్రోను చంపించడానికి సీఐఏ పన్నిన పథకాల సంగతి ఆ కమిషన్‌కు ఎవరూ చెప్పలేదు. అది 1975లో సెనేట్ వేసిన చర్చ్ కమిటీ విచారణలో బయటపడింది. సంస్థ తనంత తానుగా చెప్పదు. అడగనిది ఇవ్వదు. అడగాలంటే అది ఉందని నీకు తెలిసి ఉండాలి. రహస్య పత్రాల విచారణలో అసలు చిక్కుముడి ఇదేనని నా నమ్మకం.

9/11 కమిషన్ పని మొదలుపెట్టేసరికి తొలి అడ్డం సెక్యూరిటీ క్లియరెన్స్. సెనేటర్లుగా, గవర్నర్లుగా చేసినవాళ్ళు కూడా అత్యున్నత స్థాయి రహస్యాలు చదవాలంటే విచారణ జరిగి అనుమతి రావాలి. వచ్చాక కూడా చదవడం ప్రత్యేకంగా కట్టిన గదుల్లోనే. రాసుకున్న నోట్సు సైతం అక్కడే బీరువాలో పెట్టి తాళం వేసి రావాలి. ఇక అధికారులను ప్రశ్నించేటప్పుడు వాళ్ళ శాఖ మనిషి ఒకరు పక్కన కూర్చునేవాడు. నీ పైఅధికారి తరఫు మనిషి వింటూ ఉంటే నువ్వు మనసు విప్పి ఏం మాట్లాడతావు? ఇది బెదిరింపులాంటిదేనని కీన్ 2003 జూలైలో బాహాటంగా అన్నారు. మెత్తటి మనిషిగా పేరున్న ఆయన నోట ఆ మాట రావడంతో పత్రికలు పట్టించుకున్నాయి.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది విమానాల టేపుల సంగతి. పౌర విమానయాన సంస్థ, ఎఫ్ఏఏ, అడిగిన పత్రాలన్నీ ఇచ్చేశానంది. కమిషన్ సిబ్బంది ఊరుకోకుండా విమానాలను నడిపించే కేంద్రాలకు స్వయంగా వెళ్ళి అక్కడి ఉద్యోగులతో మాట్లాడారు. మాటల్లో మాటగా తెలిసింది, ఆ ఉదయం సంభాషణల టేపులు ఇంకా ఉన్నాయని, అవి తమదాకా రాలేదని. 2003 అక్టోబరులో కమిషన్ తొలి సమను ఎఫ్ఏఏకే వెళ్ళింది. న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే ఊళ్ళో ఉన్న వాయు రక్షణ కేంద్రంలోనూ అదే అనుభవం. రెండో సమను, నవంబరులో, రక్షణ శాఖకు వెళ్ళింది.

ఆ టేపులు విన్నాక కథే మారిపోయింది. నాలుగో విమానం యునైటెడ్ 93 హైజాక్ అయిన సంగతి ఉదయం 9:16కే తమకు చేరిందని 2003 మేలో సైనికాధికారులు బహిరంగ విచారణలో చెప్పారు. నిజానికి 9:16కి ఆ విమానం మామూలుగానే వెళ్తోంది. దుండగులు కాక్‌పిట్ మీద పడింది 9:28కి. ప్రయాణికులు తిరగబడ్డాక పెన్సిల్వేనియా పొలాల్లో అది కూలింది 10:03కి. హైజాక్ కబురు రోమ్ కేంద్రానికి చేరింది 10:07కి. అంటే ఆ విమానాన్ని ఆపడానికి సైన్యం సిద్ధంగా ఉందన్న మాటకు ఆధారం లేదు. ఆపినవాళ్ళు అందులోని ప్రయాణికులే. రెండున్నరేళ్ళకు పైగా దేశం నమ్మిన కథను ఒక కేంద్రంలో మిగిలిపోయిన టేపులు తిరగరాశాయి. అక్కడిదాకా వెళ్ళి అడగకపోయి ఉంటే ఆ ప్రయాణికులకు దక్కాల్సిన మాట దక్కకుండానే పోయేది.

మళ్ళీ పీడీబీల దగ్గరికి వస్తాను. కమిషన్‌ను చట్టం కాంగ్రెస్ వైపు సంస్థగా ఏర్పాటు చేసింది కాబట్టి, దానికి చూపిస్తే రేపు కాంగ్రెస్‌కూ చూపించాల్సి వస్తుందని వైట్‌హౌస్ వాదించింది. సమను పంపితే కోర్టుకు వెళ్తారు, కోర్టులో తేలేలోగా కమిషన్ గడువు తీరిపోతుంది. కాలం ప్రభుత్వం వైపు ఉంది. అందుకని 2003 నవంబరులో రాజీ కుదిరింది. కమిషన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఫిలిప్ జెలికో, సభ్యురాలు జేమీ గొరెలిక్, ఈ ఇద్దరే మూడు వందలకు పైగా ఉన్న పీడీబీలన్నీ చూస్తారు. ముఖ్యమైనవిగా తేలిన సుమారు ఇరవై మాత్రం కీన్, హామిల్టన్ కూడా చదువుతారు. మిగతావాళ్ళకు అందేది సారాంశమే, అదీ వైట్‌హౌస్ చూసి సరేనన్నాకే. వియత్నాం యుద్ధంలో రెండు కాళ్ళూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న మాజీ సెనేటర్ మాక్స్ క్లీలండ్ ఈ ఒప్పందాన్ని తీవ్రంగా ఖండించారు. వేరే పదవి రావడంతో కొద్దికాలానికే కమిషన్ విడిచి వెళ్ళారు. ఆయన కోపం న్యాయమైనదే. అయినా కీన్, హామిల్టన్‌ల నిర్ణయమే సరైనదని నాకు అనిపిస్తుంది. కోర్టుకెక్కి ఉంటే ఒక్క కాగితమూ చూడకుండానే గడువు ముగిసేది.

రాజీ తర్వాత కూడా పేచీ ఆగలేదు. జెలికో, గొరెలిక్ రాసుకున్న నోట్సు మిగతా సభ్యులకు ఇవ్వకూడదని వైట్‌హౌస్ అడ్డం పడింది. సమను పంపుదామన్న తీర్మానం ఓటింగులో కొద్దిలో వీగిపోయింది. చివరికి 2004 ఫిబ్రవరిలో 17 పేజీల సారాంశం పదిమందికీ అందింది. ఏప్రిల్ 8న జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్ ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతుండగా, 2001 ఆగస్టు 6 నాటి పీడీబీ శీర్షిక ఏమిటని సభ్యుడు రిచర్డ్ బెన్-వెనిస్టీ అడిగారు. ఆమె చెప్పారు: అమెరికాలో దాడి చెయ్యాలని బిన్ లాడెన్ పట్టుదలతో ఉన్నాడని. రెండు రోజుల్లో ఆ పీడీబీని బయటపెట్టక తప్పలేదు. పేజీన్నర కాగితం. బిన్ లాడెన్, అల్ ఖైదాల మీద ఆ ఏడాది అధ్యక్షుడికి చేరిన 36వ అంశం అది. దాడి అమెరికా లోపలే జరగొచ్చన్న సంగతి మీద ప్రత్యేకంగా రాసిన మొదటిది.

దాచడం ఒక్క పార్టీ పని అనుకోవద్దు. బుష్‌కు ముందున్న డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ కాలపు జాతీయ భద్రతా సలహాదారు శాండీ బెర్గర్, కమిషన్ కోసం పాత ఫైళ్ళు చూసే నెపంతో నేషనల్ ఆర్కైవ్స్ నుంచి కొన్ని రహస్య ప్రతులు పట్టుకుపోయారు. 2005లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

2004 జూలై 22న నివేదిక వచ్చింది. 25 లక్షల పేజీల పత్రాలు, పది దేశాల్లో 1,200 మందికి పైగా సాక్షులు దాని వెనకున్నారు. నల్లరంగు పూసిన వాక్యాలు లేని పుస్తకంగా పది డాలర్లకు షాపుల్లో అమ్మారు, జనం కొనుక్కుని చదివారు. కానీ దొరకనివీ ఉన్నాయి. దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్ లాంటి ఖైదీలను తాము నేరుగా ప్రశ్నిస్తామంటే సీఐఏ కుదరదంది. ప్రశ్నలు రాసి పంపితే తామే అడిగి చెబుతామంది. ఈ సంగతిని కమిషన్ నివేదికలోనే దాపరికం లేకుండా రాసింది. ఖైదీల విచారణలను వీడియో తీశారన్న ముక్క మాత్రం కమిషన్‌కు ఎవరూ చెప్పలేదు. 2005 నవంబరులో సీఐఏ ఆ 92 టేపులనూ నాశనం చేసింది. 2007 డిసెంబరులో విషయం పత్రికలకెక్కాక, తమ పనికి సీఐఏ అడ్డుపడిందని కీన్, హామిల్టన్ ఇద్దరూ కలిసి బహిరంగంగా రాశారు. వీడియోలు ఇమ్మని పేరు పెట్టి అడగలేదు కదా అన్నది సీఐఏ సమర్థన. వారెన్ కమిషన్ నాటి జబ్బే ఇది.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది 1999లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన కార్గిల్ సమీక్షా కమిటీ. దానికి చట్టబద్ధమైన సమన్ల అధికారం లేదు. అయినా ఐదారు నెలల్లోనే పని ముగించింది, నిఘా లోపాల మీద గట్టిగానే రాసింది. 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు కొన్ని భాగాలు కోసేసి ఉన్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో తప్ప, ఐబీ, రా లాంటి సంస్థల జోలికి పోదు. మనకు మంచి మనుషులు దొరకలేదని కాదు నా బాధ; వాళ్ళకు ఏ ఫైలు అందింది, ఏది అందలేదు అన్నది రికార్డులోకి ఎక్కదనే. ఇక్కడ అమెరికాలో ఎఫ్ఏఏ ఇవ్వనిది, రక్షణ శాఖ ఇవ్వనిది, సీఐఏ కుదరదన్నది, అన్నీ పేరుపేరునా రాసి ఉన్నాయి.

కమిషన్ 2004 ఆగస్టులో మూతపడింది. దాని కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి, 2009 జనవరి నుంచి కొన్ని తెరుచుకున్నాయి. 2004 ఏప్రిల్ 29న బుష్, ఉపాధ్యక్షుడు చేనీ కలిసి ఓవల్ ఆఫీసులో కమిషన్‌తో మాట్లాడారు. ప్రమాణం లేదు, టేపు లేదు. ఆ మాటల నోట్సు బయటికి రావడానికి 2022 నవంబరు దాకా పట్టింది. అంతకుముందు కాంగ్రెస్ జరిపిన విచారణలో మూసిపెట్టిన 28 పేజీలు, సౌదీ అధికారుల గురించి రాసినవి, 2016 జూలైలో వచ్చాయి. ఎఫ్‌బీఐ ఫైళ్ళను సమీక్షించి విడుదల చెయ్యమని 2021 సెప్టెంబరులో అధ్యక్షుడు బైడెన్ ఉత్తర్వు ఇచ్చారు. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాళ్ళు బాధిత కుటుంబాలవాళ్ళే. ఆర్కైవ్స్‌లో ఇంకా తెరవని పెట్టెలున్నాయి. వాటికోసం వాళ్ళు ఇప్పటికీ దరఖాస్తులు పెడుతూనే ఉన్నారు.