కృష్ణా–గోదావరి డెల్టా తీరరేఖ

ఆంధ్రప్రదేశ్ పటంలో తీరం రెండుచోట్ల సముద్రంలోకి ఉబ్బి కనిపిస్తుంది. దివిసీమ వైపు ఉబ్బు కృష్ణది, కోనసీమ వైపుది గోదావరిది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,400 కి.మీ., త్ర్యంబకం కొండల్లో పుట్టిన గోదావరి 1,465 కి.మీ. నడిచి, దారి పొడవునా కోసుకొచ్చిన మట్టిని ఇక్కడ దించాయి. ఈ నేల మార్పుకు లోనైందనడం కన్నా, మార్పే పోగుపడి నేల అయిందనడం సరైన మాట. వరదతో ఏటా మట్టి చేరుతుంది. చేరిన మట్టి తన బరువుకు తానే కుంగుతుంది. అలలు అంచును కోస్తాయి. ఈ మూడింటి లెక్క ఎటు మొగ్గితే తీరం అటు జరుగుతుంది. వేల ఏళ్ల పాటు కుంగుబాటూ కోతా పోను ఇంకా మట్టి మిగిలింది కాబట్టే డెల్టా పెరిగింది. ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో ఆ మిగులు లోటుగా మారింది. ఈ తీరపు చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు అదేనని ఈ వ్యాసం భావిస్తుంది.

పాత తీరం ఎక్కడుండేదో చెప్పే సాక్ష్యాల్లో భూమి ఇచ్చేదే గట్టిది. సముద్రానికి దూరంగా, పొలాల మధ్య, తీరానికి ఇంచుమించు సమాంతరంగా పాత ఇసుక దిబ్బల వరుసలు ఉన్నాయి. ఒక్కో వరుస ఒకనాటి ఒడ్డు. వీటిని బట్టి, సుమారు 6,000 ఏళ్ల కిందట అలలు నేటి కొల్లేరు దరిదాపుల్లో విరిగేవని భూస్వరూప శాస్త్రజ్ఞుల అంచనా. రెండు నదులూ చెరో పక్క మెరకలు కట్టుకుంటూ ముందుకు నడవగా మధ్యలో చిక్కుకుపోయిన పల్లమే కొల్లేరు. ఇప్పటికీ దానికి సముద్రంతో ఉన్న బంధం ఒక్క ఉప్పుటేరే. చారిత్రక సాక్ష్యం ఇంత సూటిగా ఉండదు. క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల రేవును నాగార్జునకొండ శాసనంలోని కంటకసెలగా, అంటే నేటి ఘంటసాలగా గుర్తించడంలో పండితులకు పెద్దగా పేచీ లేదు. ఘంటసాల ఇప్పుడు సముద్రానికి సుమారు 20 కి.మీ. లోపల ఉంది కాబట్టి ఆ దూరమంతా తర్వాత పూడిన నేలేనని కొందరు రాశారు. అది ఏటి రేవు కూడా అయివుండవచ్చు. ఓడలు పాయలోంచి పైకి వచ్చే రేవులు ఈ తీరంలో కొత్త కాదు. అందువల్ల ఘంటసాల ఒక్కదాన్నే తీరరేఖకు కొలబద్దగా తీసుకోవడం కన్నా దిబ్బల సాక్ష్యానికి తోడుగా చూడటమే మేలు. టాలెమీ చెప్పిన మైసోలోస్ నది కృష్ణా, గోదావరా అన్న వాదం కూడా ఉంది. కృష్ణ అనేవారి పక్షమే బలంగా తోస్తుంది.

గోదావరి విషయంలో ఒక విలువైన ఆధారం యాత్రా సంప్రదాయంలో దాగి ఉంది. సప్త గోదావరులుగా చెప్పుకునే తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వశిష్ఠల్లో నేడు నిండుగా పారే పాయలు గౌతమి, వశిష్ఠ మాత్రమే. తుల్యభాగ మురుగు కాలువగా మిగిలింది. మరోవైపు, కోనసీమను నిలువునా చీలుస్తూ పారే వైనతేయకు ఆ ఏడింటిలో చోటు లేదు. పురాణం దానికి వేరే కథ చెబుతుంది. నది పాయలు మార్చుకున్నా జాబితా మారలేదని, అది ఇంకొక కాలపు డెల్టాను భద్రపరిచిందని అనుకోవడానికి ఇక్కడ మంచి అవకాశం ఉంది. లంక, దిబ్బ, రేవు అని ముగిసే ఊరిపేర్లనూ ఇదే కన్నుతో చదవాలి. తాళ్లరేవుకు ఇవాళ ఓడలు రావు.

రేవుల పతనాన్ని గ్రంథకర్తలు తరచు తుపానుల ఖాతాలో వేశారు. గౌతమి మొగ దగ్గరి కోరంగి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుపొందిన ఆ రేవు నుంచి తెలుగువారు బర్మాకు వలసపోయారు. అక్కడ తెలుగువారందరికీ కోరంగీలనే పేరు పడింది. 1789 డిసెంబరు తుపానులో వరుసగా మూడు ఉప్పెన అలలు విరుచుకుపడి సుమారు 20,000 మంది చనిపోయారని చెబుతారు. 1839 నవంబరు తుపానుకు చాలా పుస్తకాలు ఇచ్చే 3 లక్షల మృతుల సంఖ్య మాత్రం ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నట్టుంది. అంత జనం అప్పటి కోరంగి పరిసరాల్లో ఉండేవారని నమ్మడం కష్టం. ఈ విపత్తుల తీవ్రతను తగ్గించి చెప్పడం న్యాయం కాదు. అయితే మచిలీపట్నంలో 1864 నవంబరు 1 నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నా ఊరు అక్కడే మళ్లీ లేచింది. 1977 నవంబరు 19 తర్వాత దివిసీమా అంతే. తుపాను ఒక్క రాత్రిలో ఊరిని తుడిచిపెట్టగలదు గానీ, రేవును శాశ్వతంగా మూసేది మొగలో ఏటా వేసే మేట. కోరంగి వ్యాపారం కాకినాడకు తరలడంలో ఉప్పెనల కన్నా ఒండ్రు పాత్రే ఎక్కువని చెప్పవచ్చు. మోటుపల్లిలో 1244 ప్రాంతాన గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ రేవు క్షీణతకు మేట కారణమా, రాజకీయాలు కారణమా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

ఇక లోటు సంగతి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టనూ, 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్టనూ ఇందుకు తప్పుపట్టేవారున్నారు. అది నిలిచే వాదం కాదు. అవి ఎత్తు తక్కువ కట్టడాలు. వరద రోజుల్లో నీరు మట్టితో సహా వాటిమీదుగా పొర్లిపోయేది. ఒండ్రును నిజంగా పట్టి ఉంచినవి ఎగువన లోతైన జలాశయాలు కట్టిన పెద్ద ఆనకట్టలు: 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్, ఆ తర్వాత శ్రీశైలం, గోదావరి మీద జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటివి. కృష్ణ ఏటా మోసుకొచ్చే ఒండ్రు 1960ల చివరలో సుమారు 90 లక్షల టన్నులుండగా 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులున్నది 2000–2006 నాటికి 6 కోట్లకు లోపే. 1965–2008 మధ్య ఈ జంట డెల్టాల తీరం పెరిగింది పోగా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని ఉపగ్రహ చిత్రాల, పాత పటాల పోలిక తేల్చింది.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. కోత ఎప్పుడూ ఉన్నదేనన్నది మొదటిది. నిజమే, కాని ఒకచోట కోసినది మరోచోట మేటగా తేలేది. ఇప్పుడు మొత్తం మీదే తరుగు వస్తోంది. రెండోది, ప్రపంచమంతటా సముద్రమట్టం పెరగడమే అసలు కారణమన్నది. ఆ పెరుగుదల ఏటికి కొన్ని మిల్లీమీటర్లు. వరద తెచ్చే ఒండ్రు పూర్వంలా చేరుతూ ఉంటే అందులో చాలా భాగాన్ని అదే పూడ్చేది. మడ అడవుల నరికివేత, చమురు–సహజవాయువుల తవ్వకం వల్ల కుంగుబాటు కూడా లెక్కలో ఉన్నవే గానీ, తవ్వకాల వాటా ఎంతన్నది వివాదాస్పదం. మూడో అభ్యంతరం బరువైనది. నందన నామ సంవత్సరపు (1832–33) కరువులో గుంటూరు సీమ శవాలదిబ్బ అయింది. నీటిని ఆపి కాలువలకు మళ్లించాకే ఈ నేల అన్నపూర్ణ అయింది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. నీటితోపాటు మట్టినీ ఆపుతున్నామన్న సంగతి మాత్రం జలాశయాల లెక్కల్లో పూడిక అన్న పేరుతో, నిల్వ సామర్థ్యానికి నష్టంగానే నమోదైంది. అదే మట్టి దిగువన డెల్టాకు ఆహారమన్న లెక్క చాలా ఆలస్యంగా మొదలైంది.

మార్పు ఒకే దిక్కుగా సాగదనడానికి కాకినాడ అఖాతమే సాక్షి. గౌతమి తెచ్చిన ఇసుకను తీరప్రవాహం ఉత్తరానికి నెట్టగా హోప్ ఐలాండ్ అనే సన్నటి ఇసుక దీవి గత రెండు శతాబ్దాల్లో తేలింది. దాని చాటున కాకినాడ రేవుకు అలల పోటు తగ్గింది, కోరంగి మడ అడవులకు నిలకడ నీరు దొరికింది. దానికి ఉత్తరంగా ఉన్న ఉప్పాడకు మాత్రం ఆ ఇసుక చేరడం లేదు. దీవి చుట్టి వచ్చే అలలు అక్కడే కేంద్రీకృతమవుతాయని కూడా పరిశోధకులు చెబుతారు. ఉప్పాడ దగ్గర ఇసుక నింపిన భారీ గొట్టాలతో, బండరాళ్లతో గోడ కట్టారు. కాకినాడ వెళ్లే తీరపు రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా కోతకు గురవుతూనే ఉంది.