లక్ష్మీకాంతన్‌ని ఎవరు చంపారు?

1944 నవంబరు 8. మద్రాసులో వెపేరి నుంచి పురసవాక్కంలో ఉన్న తన ఇంటికి ఒక మనిషి లాగుడు రిక్షాలో వెళుతున్నాడు. దారిలో కొందరు రిక్షా ఆపి, కత్తితో పొడిచి పారిపోయారు. అతను ఆ గాయంతోనే, కాసేపటి క్రితం తాను బయల్దేరిన లాయరు స్నేహితుడి ఇంటికి తిరిగొచ్చాడు. ఆయన ఒకరిని తోడిచ్చి జనరల్ హాస్పిటల్‌కి పంపిస్తే, మధ్యలో వెపేరి పోలీస్ స్టేషన్ దగ్గర రిక్షా ఆపించి మరీ జరిగింది చెప్పాడు. మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు.

పేరు సి.ఎన్. లక్ష్మీకాంతన్. వృత్తి, సినిమావాళ్ల గుట్టు అమ్ముకోవడం.

తమిళ సినిమా చరిత్ర మీద ఏ పుస్తకం తెరిచినా ఈ కేసు ఉంటుంది. కానీ దాదాపు ప్రతిచోటా అది ఇద్దరు తారల విషాదగాథగానే ఉంటుంది. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్. హతుడు ఒక పేరాలో వచ్చి, చచ్చిపోయి, కథకి దారిచ్చి పక్కకి తప్పుకుంటాడు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ భాగవతార్ మీదే జాలేసింది. అలా వెయ్యడంలో తప్పేమీ లేదు. ఆ మనిషి పడ్డ ఎత్తు అలాంటిది. 1944 దీపావళికి విడుదలైన ‘హరిదాస్’ మద్రాసు బ్రాడ్వే థియేటర్‌లో మూడు దీపావళులు చూసింది. తన సినిమా హాల్లో ఆడుతూ ఉండగానే హీరో జైల్లో ఉన్నాడు. ఎవరైనా కల్పించి రాస్తే మరీ అతిగా ఉందని ఎడిటరు కొట్టేసే సంగతి.

లక్ష్మీకాంతన్ సంగతికొద్దాం. ఫోర్జరీ కేసులో శిక్ష పడి అండమాన్ దాకా వెళ్లొచ్చాడని అతని గురించి రాసినవాళ్లంతా అంటారు. 1943లో ‘సినిమా తూదు’ అని వారపత్రిక పెట్టాడు. తూదు అంటే కబురు మోసుకెళ్లడం. ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, ఏ నటి ఇంటి ముందు ఎవరి కారు ఆగింది, ఇవే కబుర్లు. యుద్ధకాలం. కాగితానికి కంట్రోలు, ముడి ఫిల్ముకి కంట్రోలు. సినిమా పొడవు పదకొండు వేల అడుగులు దాటకూడదని సర్కారు హద్దు పెట్టిన రోజులు. పుకార్లకి మాత్రం కంట్రోలు లేదు. పత్రిక బాగా అమ్ముడుపోయింది. తమ గురించి రాయకుండా ఉండటానికి డబ్బిచ్చినవాళ్లు చాలామందే ఉన్నారంటారు. ఇవ్వనివాళ్లలో ముగ్గురు ఎదురు తిరిగారు. భాగవతార్, కృష్ణన్, కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో యజమాని శ్రీరాములు నాయుడు. (మనకి ‘అగ్గిరాముడు’ తీసిన నాయుడుగారే.) ముగ్గురూ గవర్నర్ ఆర్థర్ హోప్‌కి అర్జీ పెట్టుకున్నారు. పత్రిక లైసెన్సు రద్దయింది. లక్ష్మీకాంతన్ ఆగలేదు. ‘హిందూ నేసన్’ అనే ఇంకో పత్రికని చేతిలోకి తీసుకుని అవే రాతలు మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ అర్జీయే తర్వాత వాళ్ల మెడకి చుట్టుకుంది. హత్య జరిగాక పోలీసులకి కావలసిన ‘మోటివ్’ గవర్నర్ ఆఫీసు ఫైల్లో ముందే సిద్ధంగా ఉంది. చట్టప్రకారం సంతకం పెట్టి చేసిన ఫిర్యాదు, పగకి సాక్ష్యమైంది. ఇలా చూస్తే, గొడవని చట్టం దగ్గరికి తీసుకెళ్లకుండా రహస్యంగా డబ్బిచ్చి ఊరుకున్నవాళ్ల మీద అసలు అనుమానమే రాదు. ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ముడి ఇదే. గాయపడిన మనిషి ఆగి, స్టేషన్లో చెప్పుకున్నాడు. ఆ మాటల కంటే అతని శత్రువుల పేరుప్రతిష్ఠలే కేసుని ముందుకి లాగాయి.

డిసెంబరులో అరెస్టులు జరిగాయి. ముగ్గురు సినిమావాళ్లూ, కత్తి పట్టారన్న మరికొందరూ. కేసు మద్రాసు హైకోర్టు సెషన్స్‌లో, జ్యూరీ ముందుకొచ్చింది. నిందితుల్లో ఒకడు అప్రూవర్‌గా మారాడు. 1945 మేలో తీర్పు: నాయుడు నిర్దోషి, భాగవతార్‌కీ కృష్ణన్‌కీ యావజ్జీవ ద్వీపాంతరం. అప్పటికి అండమాన్ జపాన్ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి ‘ద్వీపాంతరం’ అనేది కాగితం మీది మాటే. హైకోర్టులో అప్పీలు పోయింది. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ మాత్రం అప్పీలుని మళ్లీ వినమని తిప్పి పంపింది. ఈసారి వాదించింది వి.ఎల్. ఎతిరాజ్, చెన్నైలో ఆడపిల్లల కాలేజీకి పేరిచ్చిన లాయరు. 1947 ఏప్రిల్లో ఇద్దరినీ వదిలేశారు.

ఇక్కడితో అందరి కథలూ అయిపోతాయి. భాగవతార్‌కి పాత వెలుగు తిరిగి రాలేదు. ‘రాజముక్తి’ లాంటి సినిమాలు తీసినా జనం మారిపోయారు. 1959లో పోయాడు. కృష్ణన్ నవ్విస్తూ, సినిమాలు తీస్తూ ఇంకో పదేళ్లు బతికాడు. టి.నగర్‌లో ఆయన విగ్రహం ఉంది.

మరి రిక్షా ఆపిందెవరు? ఆ ప్రశ్నకి కోర్టు జవాబు దొరకలేదు. ఆ హత్యకి ఆ తర్వాత కూడా ఎవరికీ శిక్ష పడలేదు. బోట్ మెయిల్ రైల్లో ఒక ధనవంతుడి హత్య జరిగిందనీ, దాని గుట్టు లక్ష్మీకాంతన్ రాయబోయాడనీ, అందుకే చంపేశారనీ ఒక పుకారు తిరిగింది. పుకార్లతో బతికినవాడి చావుకి కారణం కూడా ఒక పుకారుగానే మిగిలింది. అది నిజమో కాదో తేల్చాల్సిన అవసరం మాత్రం ఎవరికీ కలగలేదు. పెద్ద పేర్లు బయటపడ్డాయి, దేశానికి స్వాతంత్ర్యం వస్తోంది, బ్లాక్‌మెయిలర్ ఎవరి చేతిలో చస్తే ఏం?

‘వాడు అలాంటివాడే కదా’ అన్న మాట నాకు ఈ కేసులో పదేపదే వినిపిస్తుంది. అవును, అలాంటివాడే. అతని రాతల వల్ల ఆడవాళ్ల బతుకులు ఎన్ని నలిగిపోయి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. వాళ్ల పేర్లు కోర్టు రికార్డుల్లోకి రావు, సినిమా చరిత్రల్లోకీ రావు. లక్ష్మీకాంతన్‌ని సమర్థించే ఉద్దేశం నాకు లేదు. కానీ నేరాల పాడ్‌కాస్ట్‌లు చెవుల్లో పెట్టుకుని మెట్రోలో తిరిగే మనం ‘సినిమా తూదు’ చందాదారుల కంటే ఏమంత దూరంగా ఉన్నాం? వారంవారం ఆ పత్రిక కోసం కాసుకుని కూర్చున్నది సినిమా చూసే జనమే. ఆయన చచ్చాక కేసు వివరాల కోసం ఎగబడిందీ వాళ్లే. మొదట తారల పడకగదులు చదివారు, తర్వాత వాళ్ల జైలు గదులు.

ఇంకో వివరం ఉంది. నవంబరు దాడి మొదటిది కాదు. అక్టోబరులోనే ఒకసారి అతని మీద కత్తి దూశారు, బతికి బయటపడ్డాడు. మూడు వారాలు కూడా తిరక్కుండానే మళ్లీ రిక్షా ఎక్కి, లాయరు ఇంటికి వెళ్లి, అదే రిక్షాలో ఇంటికి బయల్దేరాడు.