పైపు పొగ: నాలుగు శతాబ్దాల జమాఖర్చు

పైపు కాల్చే మనిషి ఖర్చు రెండు పద్దుల్లో పడుతుంది. మొదటిది పైపు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. రెండోది పొగాకు. వారం వారం కరిగిపోతుంది. చేతిలో డబ్బు తగ్గినా, ధర పెరిగినా, కొత్త పన్ను పడినా ఈ రెండు పద్దులూ ఒకే దారిన నడవవు. 16వ శతాబ్దం చివర ఇంగ్లండులో పాతుకున్న ఈ అలవాటులో మొదటి మూడు వందల ఏళ్లూ ఖర్చును నిర్ణయించింది ప్రధానంగా పొగాకు ధరే. సిగరెట్టు వచ్చి పైపును పక్కకు నెట్టాక, పైపు రోజువారీ అలవాటు నుంచి కొందరి సరదాగా మారింది. అప్పటి నుంచి కొనేవారి ఆదాయానికి ప్రాముఖ్యం పెరిగింది. పన్ను మాత్రం మొదటి నుంచీ ఉంది, ఎప్పుడూ పక్కకు తప్పుకోలేదు.

తొలి ఇంగ్లిష్ మట్టి పైపుల గిన్నెలు చిటికెడు పొగాకుకు మించి పట్టనంత చిన్నవి. స్పానిష్ అమెరికా నుంచి వచ్చే పొగాకు అప్పట్లో బాగా ఖరీదైన సరుకు. దానికి తోడు 1604లో మొదటి జేమ్స్ రాజు పౌండు పొగాకుపై రెండు పెన్నీలున్న సుంకాన్ని ఏకంగా 6 షిల్లింగుల 10 పెన్నీలకు పెంచాడు. పొగాకును దుమ్మెత్తిపోస్తూ ఆయన పుస్తకం అచ్చు వేయించిన ఏడాది కూడా అదే. ఆయన పేరు పెట్టుకున్న జేమ్స్‌టౌన్ వలసలోనే 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అమ్మకానికి పనికొచ్చే పొగాకు పండించడం చరిత్రలోని తమాషాల్లో ఒకటి. 1620ల మొదట్లో వర్జీనియా రైతుకు పౌండుకు మూడు షిల్లింగుల దాకా పలికిన ఆకు, అందరూ అదే పంట మీద పడటంతో, 1630 నాటికి పెన్నీ దరిదాపులకు దిగిపోయింది. వర్జీనియా రైతును ముంచిన ఆ పతనమే లండన్ కూలీ చేతికి పైపు అందించింది.

ఆ మార్పు మట్టిలో అచ్చుపడి ఉంది. పొగాకు చవకయ్యే కొద్దీ పైపు గిన్నె పెద్దదవుతూ వచ్చింది. తవ్వకాల్లో దొరికిన 17వ శతాబ్దపు పైపు ముక్కల వయసును పురావస్తు శాస్త్రవేత్తలు గిన్నె ఆకారం, పరిమాణం చూసి అంచనా వేస్తారు. గొట్టాలు పొడుగయ్యే కొద్దీ లోపలి రంధ్రం సన్నబడిందని 1954లో జె.సి. హారింగ్టన్ గమనించడంతో విరిగిన గొట్టం ముక్క కూడా కాలం చెప్పగలిగింది. ధరల పట్టికలు దొరకని చోట పైపు గిన్నె ఆ పని కొంతవరకు చేస్తుంది.

ఈ దశలో పైపుకు విడిగా విలువ లేదు. సుద్దమట్టితో అచ్చు పోసి కాల్చిన సరుకు అది. ఇట్టే విరిగేది, పెద్ద ఎత్తున తయారయ్యేది, సారాయి దుకాణాల్లో బీరుతో పాటు ఊరికే ఇచ్చేవారు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ పైపు తయారీదారులకు 1619లో రాజపత్రం లభించింది. ఇంగ్లండు నుంచి వలస వెళ్లినవారు మొదలుపెట్టిన పని హాలండులోని గౌడా పట్టణంలో పెద్ద పరిశ్రమ అయింది. పేదవాడి ఖర్చంతా పొగాకు పద్దులోనే పడేది. కూలి తగ్గిన వారం పైపు మారదు, అందులో నింపే పొగాకే తగ్గుతుంది.

పైపు తనకంటూ ఒక విలువ సంపాదించుకున్నది 18, 19 శతాబ్దాల్లో. టర్కీలోని ఎస్కిషెహిర్ దగ్గర తవ్వే తెల్లని మెత్తటి ఖనిజం మీర్‌షామ్‌ను వియన్నా, బుడాపెస్ట్ శిల్పులు తలలుగా, గుర్రాలుగా, వేట దృశ్యాలుగా చెక్కేవారు. కాల్చే కొద్దీ తేనె రంగుకు తిరిగే ఈ పైపు కులీనుల ఇళ్లలో ఆస్తుల్లో ఒకటిగా చేరింది. సామాన్యుడికి అసలైన మలుపు తెచ్చింది బ్రియర్. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా పొద వేరు దగ్గర కట్టే బుడిపె తేలిగ్గా మండదు, పగలదు. ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోడ్ చెక్కపని వాళ్లు 1850లలో దాన్ని పైపులుగా మలచడం మొదలుపెట్టారు. మట్టి పైపు కంటే ధర ఎక్కువే, అయినా కాలం లెక్కన చూస్తే గుమాస్తాకు, చేతిపని వాడికి గిట్టుబాటు సరుకు. 19వ శతాబ్దం రెండో సగంలో బ్రిటన్‌లో కూలి రేట్లు పెరిగాయి, తలసరి పొగాకు వాడకం శతాబ్దాంతానికి దాదాపు రెట్టింపైంది, బ్రియర్ వ్యాపారం ఆ పెరుగుదల మీదే నిలబడింది. అట్లాంటిక్ అవతల మిస్సోరీ రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో హెన్రీ టిబే అనే డచ్ వలస కార్మికుడు 1869లో మొక్కజొన్న కండెలతో పైపులు చేసి అమ్మడం ప్రారంభించాడు. 1878లో దానికి పేటెంట్ పొందాడు. పొలంలో పారేసే కండె ముడిసరుకు కావడంతో దీని ధరతో ఏ పైపూ పోటీ పడలేకపోయింది. తర్వాత వచ్చిన ప్రతి మాంద్యంలోనూ కండె పైపు మళ్లీ గుర్తుకొచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

1880ల్లో సిగరెట్లు చుట్టే బాన్‌సాక్ యంత్రం వచ్చింది. బ్రిస్టల్‌లోని విల్స్ కంపెనీ 1883లో దాని హక్కులు కొని, 1888లో వుడ్‌బైన్ సిగరెట్లను పెన్నీకి అయిదు చొప్పున అమ్మింది. ధర కంటే ఇక్కడ సమయం ముఖ్యం. పైపు నింపి, అంటించి, ఆరకుండా చూసుకుంటూ కాల్చడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఫ్యాక్టరీ ఇచ్చే విరామం అంతసేపు ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలు సిగరెట్టు విజయాన్ని ఖాయం చేశాయి. పైపు అందరి చేతుల నుంచి జారి కొందరి దగ్గర మిగలడంతో ఖరీదైన పైపుకు చోటు దొరికింది. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచి, 1910 నుంచి సొంతంగా పైపులు చేయించాడు. గొట్టం మీద తెల్లచుక్క ఉన్న ఆ పైపులు యుద్ధ కాలంలో సైనికాధికారులకు పోస్టులో వెళ్లేవి. ఒక్కో ఖాతాదారుకు విడిగా పొగాకు మిశ్రమం కలిపి, దాని పాళ్లను రిజిస్టరులో రాసి ఉంచేవారు. పైపుకు, పొగాకుకు రెండింటికీ డబ్బు గుమ్మరించగల కొనుగోలుదారు ఇక్కడే తయారయ్యాడు.

కింది తరగతి వాడి పొగాకు మాత్రం ఇంకా పన్ను లెక్కల మీదే ఆధారపడి ఉంది. 1919లో బ్రిటన్ సామ్రాజ్య దేశాల సరుకులకు సుంకంలో ఆరో వంతు రాయితీ ఇచ్చింది. అమెరికా ఆకు కంటే చవగ్గా వచ్చే రొడీషియా, న్యాసాలాండ్, భారతదేశపు ఆకు బ్రిటన్‌లో ప్రధానంగా చవక పైపు మిశ్రమాల్లో కలిసింది. గుంటూరు నల్లరేగడి నేలల్లో 1920ల్లో వర్జీనియా పొగాకు సాగు ఊపందుకోవడానికి ఈ రాయితీ ఒక ముఖ్య కారణం. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు, చీరాల కేంద్రాలుగా రైతులకు ఆకు ఆరబెట్టే బ్యారన్లు కట్టించి, ఆకు కొని ఓడలకెక్కించింది. బ్రిటిష్ కార్మికుడు ఔన్సుకు కొన్ని పెన్నీలు మిగుల్చుకోవడానికీ, గుంటూరు జిల్లాలో బ్యారన్ల సంఖ్య పెరగడానికీ సంబంధం ఉంది.

1929 తర్వాతి మహా మాంద్యం ఈ అలవాటుకు పెద్ద పరీక్ష. అమెరికాలో పొగ తాగేవారు మానేయలేదు, మెట్టు దిగారు. 1931 జూన్‌లో పెద్ద కంపెనీలు సిగరెట్ల ధర పెంచడం వాళ్లకే ఎదురు తిరిగింది. పెట్టె పది సెంట్లకు దొరికే బ్రాండ్లు ఏడాదిన్నర లోపే మార్కెట్లో అయిదో వంతుకు పైగా లాగేసుకున్నాయి. విడి పొగాకు కొని చేతితో చుట్టుకునేవారు పెరిగారు. ప్రిన్స్ ఆల్బర్ట్ పొగాకు డబ్బా పైపుకూ పనికొచ్చేది, కాగితంలో చుట్టుకోవడానికీ పనికొచ్చేది. ఒకే డబ్బా రెండు పనులు చేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పైపు కంపెనీల తెలివి ఇంకా ఆసక్తికరం. కేవుడీ పైపులు చేసే కాఫ్‌మన్ బ్రదర్స్ అండ్ బాండీ సంస్థ తన ఖరీదైన పేరును, ధరను అలాగే ఉంచుకుంది. వాటికి పనికిరాని రెండో రకం బ్రియర్‌తో 1932లో యెలో బోల్ అనే చవక పైపును విడిగా దింపింది. పాత పేరుకు మచ్చ పడలేదు, చితికిన కొనుగోలుదారు చేజారలేదు, ముడిసరుకూ వృథా కాలేదు. ధర తగ్గించకుండా చవక వస్తువు అమ్మే ఈ పద్ధతి తర్వాతి మాంద్యాల్లోనూ చాలా వ్యాపారాల్లో కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం కొరతను మరో వైపు నుంచి తెచ్చింది. డబ్బున్నా సరుకు లేదు. అల్జీరియా, ఇటలీల బ్రియర్ ఆగిపోవడంతో అమెరికన్ తయారీదారులు కాలిఫోర్నియా మంజనీటా, అపలాచియన్ కొండల మౌంటెన్ లారెల్ వేళ్లతో సరిపెట్టుకున్నారు. యుద్ధం ముగియగానే ఆ చెక్కలను వదిలేశారు. జర్మన్ ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌కు ఇంగ్లిష్ పైపులు రావడం మానేశాయి. అక్కడ పౌల్ నీల్సన్ 1942లో బీచ్ చెక్కతో పైపులు చేయడం మొదలుపెట్టాడు. యుద్ధానంతరం బ్రియర్‌కు మారి, ఇంగ్లిష్ పేరులా వినిపించే స్టాన్‌వెల్ అనే పేరు పెట్టుకున్నాడు.

బ్రిటన్‌లో యుద్ధం గెలిచాక కష్టాలు ముదిరాయి. అమెరికా పొగాకుకు డాలర్లు చెల్లించాలి, ఖజానాలో డాలర్లు లేవు. 1947 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి హ్యూ డాల్టన్ పొగాకు సుంకాన్ని దాదాపు సగం మేర పెంచాడు. 20 సిగరెట్ల పెట్టె 2 షిల్లింగుల 4 పెన్నీల నుంచి 3 షిల్లింగుల 4 పెన్నీలకు చేరింది. దెబ్బ ఎక్కువగా పడింది పింఛను మీద బతికే వృద్ధుల మీద. వాళ్లలో పైపు కాల్చేవారు చాలామంది. అలవాటు మానుకునే వయసు కాదు, ఆదాయం పెరిగే దారీ లేదు. గోల పెరగడంతో అదే ఏడాది ప్రభుత్వం పొగ తాగే పింఛనుదారులకు టోకెన్లు ఇచ్చి ఆ అదనపు భారాన్ని తగ్గించింది. ఈ ఏర్పాటు 1958 దాకా నడిచింది. ఒక ప్రభుత్వం పొగాకును నిత్యావసరంగా పరోక్షంగా ఒప్పుకున్న అరుదైన సందర్భమిది.

1960ల్లో పరిస్థితి తలకిందులైంది. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టును ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ముడిపెట్టింది. పైపు కూడా పెదవి క్యాన్సర్‌కు దారి తీస్తుందని అందులోనే ఉన్నా, భయపడినవారిలో కొందరు పైపు వైపు తిరిగారు. ఆ గాలి ఎక్కువకాలం వీయలేదు. నిలిచింది మరొకటి. పెరిగిన ఆదాయాల అండతో పైపు సేకరణ వస్తువైంది. కోపెన్‌హాగన్‌లో సిక్స్‌టెన్ ఇవార్సన్ చెక్క నరాలను బట్టి పైపు ఆకారాన్ని నిర్ణయించే పద్ధతి తెచ్చాడు. ఇటలీలో కార్లో స్కాటీ స్థాపించిన కాస్టెల్లో వంటి సంస్థలు అదే దారిలో నడిచాయి. ఒకరు చేత్తో మలచిన పైపుకు వందల డాలర్లు, తర్వాత వేల డాలర్లు పలికాయి. ఇలాంటి పైపుల గిరాకీ దేశాల సంపదను అనుసరించి కదిలింది. జపాన్ ఎదుగుదల ఏళ్లలో అక్కడి సేకర్తలు డేనిష్ పైపుల కోసం ఎగబడ్డారు, జపాన్ కళాకారులు డెన్మార్క్ వెళ్లి పని నేర్చుకుని వచ్చారు. 2010 తర్వాత అదే పాత్ర చైనా సంపన్నులది. మధ్యస్థాయి పైపులకు మాత్రం ఇలాంటి ఆదుకునేవాళ్లు దొరకలేదు. 2009 చివర్లో డెన్మార్క్‌లోని బోరూప్ స్టాన్‌వెల్ ఫ్యాక్టరీ మూతపడి ఉత్పత్తి ఇటలీకి తరలింది.

ఆ ఏడాదే అమెరికాలో అంకెల గారడీ ఒకటి జరిగింది. 2009 ఏప్రిల్ 1 నుంచి చేతితో చుట్టుకునే పొగాకుపై ఫెడరల్ పన్ను పౌండుకు 1.0969 డాలర్ల నుంచి 24.78 డాలర్లకు ఎగబాకింది. పైపు పొగాకుపై అదే 1.0969 నుంచి 2.8311 డాలర్లకే ఆగింది. రెండింటి మధ్య చట్టంలో స్పష్టమైన గీత లేదు. కంపెనీలు చుట్టే పొగాకు సంచుల మీద పైపు పొగాకు అని అచ్చు వేయించి అమ్మాయి. 2009 జనవరిలో నెలకు 2.4 లక్షల పౌండ్లున్న పైపు పొగాకు అమ్మకం 2011 సెప్టెంబరుకు 30 లక్షల పౌండ్లు దాటింది. మాంద్యం ధాటికి లక్షల మంది పైపు పట్టారని ఈ అంకె చూసి ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వమే. పట్టికలో పెరిగింది పైపు పొగాకు, కాల్చింది కాగితంలో చుట్టుకుని. 2009 తర్వాతి అమెరికా గణాంకాలను పైపు అభిరుచికి కొలతగా వాడటం అందుకే ప్రమాదకరం.

అసలైన పైపు అభిమానులు 2008 నాటి సంక్షోభంలో మాంద్యం నాటి తాతల్లాగే మెట్టు దిగారు. ఎవరో వాడిన పాత పైపును శుభ్రం చేసి వాడుకోవడానికి ఇంటర్నెట్ వేలాలు దారి చూపాయి. పది డాలర్ల చుట్టుపక్కల దొరికే కండె పైపు, డబ్బాల్లో కాక తూకానికి అమ్మే విడి పొగాకు ఖర్చును కనిష్ఠానికి దించాయి. కొత్త పైపు కొనడం వాయిదా వేయగలిగిన ఖర్చు, పొగాకు కొనడం అంతగా కాదు. పైపు పద్దే ముందుగా కుదించుకుపోయింది.

డబ్బున్నవారు మరో పని చేశారు. కొన్ని రకాల పొగాకు మూతపెట్టిన డబ్బాలో ఏళ్లు గడిచే కొద్దీ రుచి దేరుతుంది. పన్ను పెరుగుతుందనో, బ్రాండు ఆగిపోతుందనో అనుమానం వచ్చినప్పుడు ఏళ్లకు సరిపడా కొని దాచడం అభిరుచిలో భాగమైంది. 2016 ఆగస్టులో పైపు పొగాకు కూడా అమెరికా ఎఫ్‌డీఏ నియంత్రణలోకి రావడంతో ఆ అనుమానం బలపడింది. 2018లో కాన్సాస్ సిటీకి చెందిన మెక్‌లెలాండ్ సంస్థ తమకు కావలసిన నాణ్యత గల ఆకు దొరకడం లేదంటూ మూతపడింది. దాని డబ్బాలు చేతులు మారేటప్పుడు అసలు ధరకు ఎన్నో రెట్లు పలికాయి. అదే ఏడాది డన్‌హిల్ పేరుతో వచ్చే పైపు పొగాకులు కూడా ఆగిపోయాయి. మరుసటి ఏడాది అవే మిశ్రమాలు పీటర్సన్ అనే మరో బ్రాండు పేరుతో మామూలు ధరకు అంగళ్లలోకి తిరిగొచ్చాయి. అయినా డన్‌హిల్ ముద్ర ఉన్న పాత డబ్బా కోసం సేకర్తలు అదనంగా చెల్లిస్తూనే ఉన్నారు. వారం వారం కరిగిపోయే పద్దులో ఉండాల్సిన పొగాకు, ఈ కొద్దిమంది ఇళ్లలో ఏళ్ల తరబడి నిలిచే పద్దులోకి మారింది.