ఆశ్రితరక్షణము: అమెరికా బానిసల చరిత్రయందలి విశ్వాసమును ద్రోహమును

ఇట్టి వార్షిక సంచికలయందు మన పూర్వుల ఔన్నత్యమును గూర్చి వ్రాయుట పరిపాటి. ఈ మారు మేము దూరదేశమందలి యొక పీడితజాతి చరిత్రను మీ ముందుంచ నెంచితిమి. ఇది మనకు పొత్తులేని విషయము కాదు. మహాత్మా జ్యోతిరావు ఫూలేగారు 1873లో ప్రకటించిన తమ 'గులాంగిరీ' గ్రంథమును, నల్లవారిని దాస్యమునుండి విడిపించుటకై నిస్స్వార్థముగ పాటుపడిన అమెరికా సజ్జనులకు అంకిత మొనర్చిరి. ఈ దేశమున అణగారిన వారి దుఃఖమునకును ఆ దేశపు బానిసల దుఃఖమునకును గల పోలికను ఆయన నాడే గుర్తించిరి. ఆ బానిసల చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దొకటి యింకను మిగిలియున్నదని మా యభిప్రాయము.

పీడితజాతుల నన్నిటిని గూర్చి లోకమున నొక యపవాదు కలదు. వారిలో వారికే పొత్తు లేదనియు, నాలుగు రూకలు చూపినచో తోటివానిని పట్టి యిత్తురనియు పైవా రందురు. వినగా వినగా మనవారును దానినే నమ్మి, "ఇంటిగుట్టు లంకకు చేటు" అని నిట్టూర్చి యూరకుందురు. పారిపోయి వచ్చిన బానిసలకు తోటి నల్లవారు ఆశ్రయ మొసగిన చరిత్రమును బట్టి ఈ యపవాదు ఎంతవరకు నిజమో పరీక్షింతము.

1860వ సంవత్సరపు జనాభాలెక్క ననుసరించి అమెరికాలో సుమారు 39.5 లక్షల మంది బానిసలుండిరి. స్వేచ్ఛ గల నల్లవారు 4.88 లక్షల మంది మాత్రమే. ఈ స్వేచ్ఛయైనను పేరునకే. దక్షిణ రాష్ట్రములలో వారు తమ స్వేచ్ఛను నిరూపించు పత్రమును వెంట నుంచుకొని తిరుగవలసి యుండెను. అట్టిచోట్ల బానిసను దాచిన నల్లవానికి చెరసాలయో, మరల దాస్యమో ప్రాప్తించెడిది. దాచినవాడు స్వయముగ బానిసయే యైనచో కొరడా దెబ్బలును, ఆలుబిడ్డలనుండి యెడబాపి దూరదేశమునకు అమ్మివేయుటయు తప్పెడివి కావు.

1850లో అమెరికా కాంగ్రెసు మరియొక కఠిన శాసనము చేసెను. దాని ప్రకారము పారిపోయిన బానిసకు సాయపడినవారికి 1,000 డాలర్ల వరకు జరిమానాయు, ఆరు మాసముల వరకు ఖైదును విధింపవచ్చును. పట్టుబడినవాడు తన పక్షమున సాక్ష్యము చెప్పుకొన వీలులేదు. విచారణ జరుపు అధికారి వానిని యజమానునికి అప్పగించినచో 10 డాలర్లు, విడిచిపెట్టినచో 5 డాలర్లు రుసుముగ పుచ్చుకొనెడివాడు. ధర్మము చెప్పవలసిన పీఠముననే ఒక పక్షమునకు ఇబ్బడి కూలి ముట్టుచుండగా, వీధిలోని పేదవానికి ఎట్టి పాఠము బోధపడునో చదువరులే యూహింతురు గాక.

మన పురాణములలో శిబి చక్రవర్తి పావురమును కాపాడుటకై తన మేని మాంసమును కోసి యిచ్చెను. అది మహాత్యాగమే. కాని ఆయన రాజు; ఆశ్రయ మొసగుటకు ఆయనకు కోటయు, కోశమును, సేనయు గలవు. ఇచ్చట ఆశ్రయ మొసగువాడు సైతము వేటకాని డేగ కన్నులయెదుట నున్న పావురమే. ఈ భేదమును మనసున నుంచుకొని రెండు వృత్తాంతములను చిత్తగింపుడు.

మొదటిది హారియట్ జేకబ్స్ అను స్త్రీ చరిత్రము. ఈమె 1813లో ఉత్తర కరోలినా రాష్ట్రమందలి ఈడెన్టన్ పట్టణమున బానిసగా జన్మించెను. యజమానురాలి తండ్రియైన నార్కమ్ అను వైద్యుని దురాచారమును భరింపజాలక 1835లో పారిపోయెను. అతడు ఆమెను పట్టి యిచ్చినవారికి 100 డాలర్ల బహుమానము ప్రకటించి, ఆమె తమ్ముని, పినతల్లిని, పసిబిడ్డల నిద్దరిని చెరసాలలో పెట్టించెను. అయినను ఎవ్వరును నోరు విప్పలేదు. ఆమె కొంతకాలము ఇతరుల యిండ్లలో దాగి, తుదకు తన యమ్మమ్మ యింటి యటకమీదికి చేరెను. ఆ యమ్మమ్మ మాలీ హార్నిబ్లో దాస్యవిముక్తురాలై రొట్టెలమ్ముకొని జీవించుచుండెను. అటక పొడవు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు. మిక్కిలి యెత్తైన చోటనే 3 అడుగులు. ఆమె మేనమామ వడ్రంగి. ఆయనయే పైకెక్కుటకు కనబడని తలుపును అమర్చెను. పినతల్లి పగలంతయు ఆ నార్కమ్ ఇంటనే ఊడిగము చేయుచు, అచ్చటి మాటలు విని, రహస్యముగ ఇంటివారికి తెలిపెడిది.

వాననీరు కారు ఆ చీకటి యిరుకున ఆమె దాదాపు ఏడేండ్లు గడపెను. క్రింద తిరుగాడు తన బిడ్డలను కొయ్యపలకకు తొలిచిన చిన్న రంధ్రమునుండి చూచుకొనెడిది. ఆమె జాబులు వ్రాసి న్యూయార్కునుండి టపాలో వేయింపగా, నార్కమ్ ఆమె ఉత్తరదేశమున నున్నదని నమ్మి అచ్చట వెదకించెను. 1842లో, తోటి బానిస యొకతె తన్ను చూచెనేమో యన్న భయమును కలిగిన సమయముననే, ఓడయెక్కి ఉత్తరమునకు చేరెను. ఈ చరిత్రమును ఆమె 1861లో స్వయముగ గ్రంథస్థము చేసెను.

విశ్వాసమునకు గల యొక ధర్మము ఈ వృత్తాంతమున తేటపడుచున్నది. ద్రోహమునకు ఒక్కడు చాలును, ఒక్క గడియ చాలును. విశ్వాసమునకో, ఎరిగిన ప్రతివారును ప్రతిదినమును నోరు మూసికొని యుండవలయును. అమ్మమ్మయు, పినతల్లియు, మేనమామయు అట్లుండిరి గనుకనే హారియట్ బ్రతికెను.

రెండవ వృత్తాంతము ద్రోహమునకు సంబంధించినది. దానిని మేము దాచము. 1857 మార్చి మాసమున మేరీలాండు రాష్ట్రమందలి డార్చెస్టరు మండలమునుండి ఎనమండుగురు బానిసలు పారిపోయిరి. వారిని పట్టి యిచ్చినవారికి 3,000 డాలర్ల బహుమానము ప్రకటింపబడెను. దారిచూపుటకు థామస్ ఆట్వెల్ అను నల్లవాడు కుదిరెను. ఇతడు స్వేచ్ఛ గలవాడు. ఎందరినో స్వయముగ విడిపించి తెచ్చిన హారియట్ టబ్మన్ సైతము నమ్మిన మనిషి. ఈ ఆట్వెల్ జేమ్స్ హాలిస్ అను తెల్లవానితో కలిసి బహుమానమునకు ఆసపడి, ఆశ్రయమున కని చెప్పి ఆ యెనమండుగురను తెల్లవారుజామున డెలావేరు రాష్ట్రమందలి డోవరు చెరసాలకు తోడ్కొని పోయెను.

మేడమీది కిటికీలకు ఇనుపకమ్ములుండుట వెన్నెలలో కనబడగనే, వారిలో డెనార్డ్ హ్యూస్ అనువాడు ఈ చోటు తనకు నచ్చలేదని అనుమానించెను. చెరసాల యధికారి పిస్తోలు తెచ్చుకొనుటకై క్రింది తన నివాసమునకు పోగా, అందరును అతనిని వెన్నంటి పోయిరి. అంతట హెన్రీ ప్రిడో అనువాడు పొయ్యిలోని నిప్పుకణికలను గదినిండ చిమ్మి, కిటికీ పగులగొట్టి, తోడివారందరు బయటికి దుమికి పారిపోవువరకు అధికారిని అడ్డగించి, తుదకు తానును దుమికి గోడ దాటి తప్పించుకొనెను. పారిపోవువారిలో కొందరు దారిలో ఆట్వెల్‌ను పట్టుకొనిరి. అతడు ప్రాణభిక్ష వేడి, వారికి మేలుదారి చూపుటకు ఒప్పుకొనెను. వారతనిని చంపక విడిచిరి.

తరువాత జరిగినది మరింత ముఖ్యము. డోవరు చెంతనే కామ్డెన్ అను చిన్న యూర విలియం బ్రింక్లీ మొదలగు స్వేచ్ఛ గల నల్లవా రుండిరి. ఊరూర గాలింపు జరుగుచుండగనే బ్రింక్లీ వారిలో కొందరిని బండిలో నెక్కించుకొని, వేటకాండ్రు తిరుగుచున్న ఆ డోవరు మీదుగనే దాటించెను. విల్మింగ్టనులోని థామస్ గారెట్ అను క్వేకరు మతస్థుడు వారికి సాయపడెను. ఈయన తెల్లవాడు, ఇట్టి సాయమునకే 1848లో జరిమానాకు గురియైనవాడు. ఎనమండుగురిలో ఒక్కరును మరల యజమానుల చేత చిక్కలేదు.

ఈ విషయమై కోపించిన మేరీలాండు అధికారులు శామ్యూల్ గ్రీన్ అను నల్ల మతబోధకుని అనుమానించి, 1857 ఏప్రిలులో ఆయన యింటిని సోదా చేసిరి. ఈయన తన స్వేచ్ఛకు వెల చెల్లించి, భార్యను సైతము కొని విడిపించుకొనిన కష్టజీవి. కుమారుడు 1854లో కెనడాకు పారిపోయెను. కుమార్తె దూరరాష్ట్రమునకు అమ్ముడుపోయెను. బానిసలను దాచిన నేరము రుజువు కాలేదు. కాని యింట కెనడా దేశపటమును, కుమారుని జాబును, 'అంకుల్ టామ్స్ కేబిన్' అను నవలయు దొరకినవి. ఆ నవలను దగ్గర నుంచుకొనిన నేరమునకు ఆయనకు పదేండ్ల ఖైదు విధించిరి. రాష్ట్రము విడిచి పోవలయునను నిబంధనతో 1862లో గాని విడుదల చేయలేదు.

ఆట్వెల్ ద్రోహము ద్రోహమే. పేదరికమును చూపి దానిని సమర్థించుట తగదు. బ్రింక్లీయు, గ్రీనును ధనికులు కారు. పీడితులు తమలోని ద్రోహులను ముద్దుచేసినవారును కారు. పెన్సిల్వేనియాలో విలియం పార్కర్ అను నల్లవాడు తనవారితో రక్షకదళ మేర్పరచి, బానిసల జాడ చెప్పినవారిని కఠినముగ శిక్షించినట్లు తానే వ్రాసెను. 1851 సెప్టెంబరు 11న క్రిస్టియానా గ్రామమున, తనయింట దాగినవారిని పట్టవచ్చిన యజమానుని దళము నతడు ఎదిరించెను. యజమానుడు హతుడయ్యెను. ముందుగ హెచ్చరిక తెచ్చినవాడు ఫిలడెల్ఫియా నల్లవాడగు శామ్యూల్ విలియమ్స్. పార్కర్ రాచెస్టరులోని ఫ్రెడరిక్ డగ్లస్ ఇంట తలదాచుకొని కెనడాకు చేరెను.

కాని ఆట్వెల్ ఒక్కని బట్టి జాతినంతటిని తూచువారిని మే మొకటి యడుగుదుము. ద్రోహము వీధివీధిని దొరకు సరకే యైనచో, దానికి 3,000 డాలర్ల వెల యేల కట్టవలసి వచ్చెను? ఊరంతయు నోరు మూసికొనియున్నది గనుకనే బహుమానము చాటవలసి వచ్చెను. ప్రకటించిన ప్రతి బహుమానపత్రమును ఆ జాతి విశ్వాసమునకు శత్రువు వ్రాసి యిచ్చిన యోగ్యతాపత్రమే.

మరి ద్రోహుల పేర్లు చరిత్రలో నిలిచి, విశ్వాసుల పేర్లు ఏల మాసిపోయినవి? ద్రోహము అధికారుల దగ్గరకు పోవును. అచ్చట కాగితమున కెక్కును. విశ్వాసము నెరవేరినచో ఎవ్వరికిని తెలియదు. పేరు వ్రాసినచో ఆ కాగితమే ఉరితాడగును. ఫ్రెడరిక్ డగ్లస్ 1836లో చేసిన మొదటి ప్రయత్నము లోపలివాని ద్రోహముచే చెడెను. 1838లో ఆయన తప్పించుకొనెను. కాని 1845లో వ్రాసిన ఆత్మచరిత్రమునందు ఏ విధమున తప్పించుకొనెనో తెలుపలేదు. తెలిపినచో సాయపడినవారికి ముప్పు, వెనుక రావలసినవారికి దారి మూత. దాస్యము నశించిన పిమ్మటనే దానిని వెల్లడించెను.

ఈ మౌనమునుండి చరిత్రను దక్కించిన మహనీయు డొకడు గలడు. ఫిలడెల్ఫియాలోని విలియం స్టిల్ అను నల్లవాడు, పారిపోయి వచ్చిన వందలకొలది జనుల పేర్లను, ఊళ్లను, విడిచివచ్చిన బంధువులను రహస్యముగ వ్రాసి యుంచెను. 1850లో సాయము కోరి వచ్చిన యొక నడివయస్కుని ప్రశ్నింపగా, అతడు చిన్ననాడే దాస్యమున విడువబడిన తన యన్న పీటరని తేలెను. చెల్లాచెదరైన కుటుంబములు మరల కలియుటకు ఈ వ్రాతలే దారి యగునని స్టిల్ నిశ్చయించుకొనెను. గడ్డుకాలమున ఆ పుస్తకములను భద్రముగ దాచి, 1865లో రాజ్యాంగసవరణచే దాస్యము రద్దయిన పిమ్మట, 1872లో 'భూగర్భ రైలుమార్గము' అను అర్థము గల పేరుతో అచ్చువేయించెను. బానిసలను ఇంటినుండి యింటికి దాటించు రహస్య యేర్పాటునకు నాడు వ్యవహరించిన పేరదియే. డోవరు వృత్తాంతము నేడు మనకు తెలియుట ఈయన పుణ్యమే. ఆట్వెల్ పేరును, బ్రింక్లీ పేరును ఈయన ఒకే గ్రంథమున వ్రాసెను. దేనిని దాచలేదు.

సంఘీయులారా! మన మహాసభ చేయదగిన పని యిందు స్పష్టముగ నున్నది. మన పల్లెలలోను, కష్టకాలమున తలదాచుకొన వచ్చినవారికి తమ కూటిలో సగము పెట్టి, అడిగినవారికి తెలియదని చెప్పి, దెబ్బలు తినిన తాతలును, అవ్వలును ఉండకపోరు. వారి మాట ఏ దస్తావేజునను దొరకదు. వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే దొరకును. ఆ వృద్ధులును ఏటేట తగ్గిపోవుచున్నారు. కావున ప్రతి శాఖాసంఘమువారును ఒక చదువుకొన్న యువకునో, యువతినో నియమించి, పెద్దలు చెప్పిన దానిని చెప్పినట్లే, మంచియు చెడ్డయు వ్రాయించి యుంచవలయుననియు, పోషకులు దాని ముద్రణమునకు తోడ్పడవలయుననియు మేము ప్రార్థించుచున్నాము. ఎవని తాతయో ద్రోహము చేసెనని వాని మనుమని నిందింపవద్దు. ఎవని యవ్వయో అన్నము పెట్టెనని తెలిసినచో ఆమె పేరు తప్పక వ్రాయుడు. రాబోవు సంచికలో అట్టి పేర్లను ప్రకటించు భాగ్యము మహాసభకు కలుగుగాక యని కోరుచు ఇంతటితో విరమించుచున్నాము.