బుర్రకథ నుంచి ధూంధాం దాకా

గడిచిన ఎనభై ఏళ్ల తెలుగు రాజకీయాల్లో ప్రతి పెద్ద మలుపు వెనకా ఒక పాటల దండు నడిచింది. 1940ల కమ్యూనిస్టు ఉద్యమానికి బుర్రకథ, శ్రీకాకుళ గిరిజన తిరుగుబాటుకు జముకులకథ, ఎమర్జెన్సీ తర్వాతి విద్యార్థి తరానికి జననాట్యమండలి, దళిత ఉద్యమానికి డప్పు, ప్రత్యేక రాష్ట్ర పోరాటానికి ధూంధాం అండగా నిలిచాయి. వీటి బాణీలు, వాద్యాలు చాలావరకు అంతకుముందే పల్లెల్లో ఉన్నవి. ఒక్కో తరం యువత వాటిని అందిపుచ్చుకుని తన కాలపు ప్రశ్నలు పలికించింది. ఈ క్రమంలో పాడేవాళ్ల స్థానం కూడా మారుతూ వచ్చింది. మొదట్లో పార్టీ కళాకారుడిని వెతుక్కుంది. తర్వాత కళాకారుడే తన ఉద్యమాన్ని తాను నిలబెట్టుకున్నాడు. ఏ కాలంలో ఎవరు పాడారో చూస్తే ఆ కాలంలో ఏ వర్గం గొంతు పైకి లేచిందో తెలుస్తుంది.

రాజకీయం చెప్పే వంత

పాట రాజకీయాల్లోకి రావడం 1940లతో మొదలు కాలేదు. సహాయ నిరాకరణ రోజుల్లో తెల్లదొరల పాలన మీద గరిమెళ్ల సత్యనారాయణ రాసిన పాట ఊరూరా మోగింది, ఆయన జైలుపాలయ్యారు. అయితే పాటకు ఒక నిర్మాణం, శిక్షణ పొందిన దళాలు ఏర్పడింది మాత్రం 1943 తర్వాతే. ఆ ఏడాది బొంబాయిలో ఇప్టా (భారత ప్రజా నాటక సంఘం) పుట్టింది. తెలుగునాట దానికి శాఖగా ప్రజానాట్యమండలి ఏర్పడింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని ముందుండి నడిపిన వారిలో ముఖ్యులు. ఒకపక్క రెండో ప్రపంచ యుద్ధం, మరోపక్క బెంగాల్ కరవు. పల్లె జనానికి ఈ సంగతులు చేరవేయడానికి పత్రిక చాలదు, చదవగలిగినవారే తక్కువ. అందుకే మండలి బుర్రకథను ఎంచుకుంది.

బుర్రకథ రాజకీయానికి అచ్చంగా అమిరిన కళ. మధ్యలో కథకుడు భుజాన తంబుర, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలతో చిందేస్తూ కథ నడుపుతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథ పల్నాటి యుద్ధమే అయినా రాజకీయ వంత మధ్యలో అడ్డం వచ్చి అప్పటి ధరల గురించో, జమీందారు గురించో ప్రశ్న వేయవచ్చు. కథకుడు దానికి జవాబు చెప్పి మళ్లీ కథలోకి వెళ్లవచ్చు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఒక పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ వీలును శిఖరానికి తీసుకెళ్లారు. బెంగాల్ కరవు మీద ఆయన చెప్పిన కథ, పల్నాటి కథ వేల మందిని కూర్చోబెట్టాయి. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' వంటి బుర్రకథలు రాశారు. వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి 1947లో 'మా భూమి' నాటకం రాసింది కూడా ఆయనే. ఈ ప్రదర్శనల పదును గుర్తించిన మద్రాసు ప్రభుత్వం వాటిపై నిషేధం విధించింది. దశాబ్దాల తర్వాత, 1986లో, నాజర్‌ను భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

నిజాం ఏలుబడిలోని తెలంగాణలో పరిస్థితి ఇంకా కరకుగా ఉండేది. దొరల గడీలు, వెట్టి చాకిరీ, నాగు వడ్డీలు, ఎడతెగని పన్నుల మధ్య 1946లో సాయుధ పోరాటం రాజుకుంది, 1951 దాకా సాగింది. నల్గొండ ప్రాంతంలోని సుద్దాల గ్రామానికి చెందిన హనుమంతు గొల్లసుద్దులను, యక్షగానాన్ని పోరాటానికి మలిచారు. పశువులు కాసే పసివాడి బతుకు మీద ఆయన కట్టిన పాట ఆ పోరాటపు ముఖచిత్రంగా మిగిలిపోయింది. పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి నిజాంను నిలదీస్తూ కట్టిన పాట నోటినుంచి నోటికి పాకింది. మల్లు స్వరాజ్యం వంటి యువతులు ఆడవాళ్లు ఇళ్లలో, పొలాల్లో పాడుకునే ఉయ్యాల పాటల బాణీలో పోరాట సందేశం చెప్పి ఊళ్లను కూడగట్టారు. గడప దాటడమే గగనమైన కాలంలో ఆడపిల్ల సభలో గొంతెత్తడమే ఒక సామాజిక మార్పు.

కొండల్లో జముకు

1950లలో ఉద్యమం చల్లారింది, కళాకారుల్లో పలువురు సినిమారంగానికి వెళ్లారు. పాట మళ్లీ నిప్పందుకున్నది శ్రీకాకుళం కొండల్లో. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజన సభకు వెళ్తున్నవారిపై జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. భూస్వాములు, వడ్డీ వ్యాపారుల మీద గిరిజనుల కోపం అక్కడినుంచి సాయుధ తిరుగుబాటుగా మారింది. బొడ్డపాడు కేంద్రంగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి దీనికి కవి, గాయకుడు. ఆయన ఉత్తరాంధ్ర జనానికి చిరపరిచితమైన జముకులకథను తీసుకున్నారు. ఒకవైపు తోలు మూసి, తోలు నడుమ నుంచి లాగిన తీగను మీటితే గుబగుబమని మోగే జముకు ఆ కథకు ప్రాణం. అమ్మవారి కథలు చెప్పిన ఆ వాద్యంతో ఆయన కష్టజీవుల కథ చెప్పారు. 1969 డిసెంబరులో పాణిగ్రాహిని పోలీసులు కాల్చి చంపారు.

ఆ మరణం తెలుగు సాహిత్యాన్ని కుదిపింది. 1970 జూలై 4న శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసను, అడుగులను పాటలోకి తెచ్చారు. కార్మికుడి నోట, అతని ఇంటి భాషలోనే వచ్చిన ఆ పాట తర్వాతి తరాలకు ఒరవడి పెట్టింది.

కాలేజీ నుంచి పల్లెకు

1972లో హైదరాబాద్‌లో జననాట్యమండలి మొదలైంది. దాని తొలినాళ్లలో బి. నర్సింగరావు, తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు కీలకం. దళిత కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదువుకు హైదరాబాద్ వచ్చిన విఠల్‌రావు గదర్ పార్టీ స్ఫూర్తితో గద్దర్ అయ్యారు. కొన్నేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి పూర్తిగా పాటకే అంకితమయ్యారు.

ఈ పాటకు శ్రోతలు, గాయకులు కూడా విద్యార్థులే. పల్లె నుంచి తొలిసారి కాలేజీ మెట్లెక్కిన తరం అది. సంక్షేమ హాస్టళ్లలో ఉంటూ చదివే పేద పిల్లలకు ఊళ్లోని వెట్టి, పట్నంలోని నిరుద్యోగం రెండూ తెలుసు. ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1978 నుంచి రాడికల్ విద్యార్థి సంఘం 'గ్రామాలకు తరలండి' అంటూ పిలుపునిచ్చింది. వేసవి సెలవుల్లో విద్యార్థులు జట్లుగా పల్లెలకు వెళ్లారు. జట్టుతోపాటు పాట వెళ్లింది. పగలు కూలి రేట్ల గురించి మాట్లాడటం, రాత్రి రచ్చబండ దగ్గర ఆడిపాడటం వారి పని. ఊరు, భూమి ఎవరివని అడిగే గూడ అంజయ్య పాట ఆ రోజుల్లో పల్లెపల్లెనా వినిపించింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా లింగాపురం ఆయన సొంతూరు.

నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన 1979 నాటి 'మా భూమి' సినిమా పాత తరాన్ని కొత్త తరంతో కలిపింది. బండి యాదగిరి పాటను తెర మీద గద్దర్ పాడారు. సుద్దాల హనుమంతు పాట కూడా అందులో ఉంది. 1940ల గొంతును 1980ల యువత తన సొంతం చేసుకుంది.

గోచీ, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో గద్దర్ వేదిక మీదకు వస్తే, పట్నం సభల్లో అంతదాకా కనిపించని మనిషి నిలబడినట్టు ఉండేది. ఆయన పాటను ఏకబిగిన పాడేవారు కాదు. చరణం మధ్యలో ఆగి జనాన్ని పలకరించి, ఒక సంఘటన చెప్పి, వారితో జవాబు చెప్పించి తిరిగి పల్లవి అందుకునేవారు. రేడియోలో చోటు దొరకని ఆ పాటలు క్యాసెట్లుగా ఊళ్లకు చేరాయి. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లిన గద్దర్ 1990లో బయటికి వచ్చినప్పుడు నిజాం కళాశాల మైదానం జనంతో కిక్కిరిసింది. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది.

డప్పు తలెత్తిన కాలం

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులపై జరిగిన మారణకాండలు తెలుగు సమాజాన్ని నిలదీశాయి. కులం ప్రశ్నను వర్గం ప్రశ్నలో కలిపేస్తే సరిపోదని దళిత యువత గట్టిగా చెప్పింది. మాస్టార్జీ, కలేకూరి ప్రసాద్ వంటివారు ఆ ఎరుకను పాట చేశారు. పాడేవాళ్ల స్థానంలో వచ్చిన మార్పు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు గాయకుడు తన వాడ గురించి, తన పేరుతో, తన కోపంతో పాడుతున్నాడు.

ఆ మార్పుకు గుర్తు డప్పు. కొయ్య చట్రానికి తోలు బిగించి, వాయించే ముందు నిప్పు సెగకు కాస్తారు. తోలు బిర్రెక్కాక ఒక చేత్తో చిర్ర, రెండో చేత్తో సిటికెన పుల్ల పట్టి దరువు వేస్తారు. ఊళ్లో చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కావాలి. వాయించే మాదిగ మాత్రం ఊరి బయటే ఉండాలి. చాలాచోట్ల అది కూలి లేని కులవృత్తి. ప్రకాశం జిల్లా ఈదుముడిలో 1994 జూలై 7న మందకృష్ణ మాదిగ నాయకత్వంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టాక అదే డప్పు ఆత్మగౌరవానికి జెండా అయింది. అప్పటిదాకా కులం దాచుకున్న యువకులు దాన్ని పేరు చివర ధైర్యంగా చేర్చుకున్నారు. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా, ముప్పై ఏళ్ల పాటు ఆ దరువు ఆగలేదు.

పల్లె గోస, రాష్ట్రం ఆశ

1990లలో ఆర్థిక సంస్కరణలు నగరాలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తెచ్చాయి. అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో బోర్లు ఎండిపోయాయి, పత్తి రైతులు, సిరిసిల్ల నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. పాలమూరు కూలీలు వలస బాట పట్టారు. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి చల్లారాయి. ఈ మొత్తం విషాదాన్ని గోరటి వెంకన్న ఒక్క పాటలో పెట్టారు. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చిన ఆ పాట ప్రభుత్వాన్ని పేరుపెట్టి తిట్టదు. చేతివృత్తులు, చెరువులు, చేలు ఎలా పోయాయో ఒక్కొక్కటిగా చూపిస్తుంది. అభివృద్ధి లెక్కలు విన్నవాళ్లకు ఆ లెక్కల్లో లేని ఊరు కళ్లకు కట్టింది. 2004 ఎన్నికలకు ముందు అది ప్రతిపక్ష సభల్లోనూ మోగింది. వెంకన్నకు 'వల్లంకి తాళం' కవితా సంపుటికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ప్రత్యేక రాష్ట్ర డిమాండుకు 1969లోనే ఉస్మానియా విద్యార్థులు ప్రాణాలిచ్చారు. 1997 భువనగిరి సభ తర్వాత అది మళ్లీ ఊపందుకుంది. భువనగిరి ప్రాంతంలో పాటతో జనాన్ని కదిలించిన బెల్లి లలిత 1999లో దారుణ హత్యకు గురయ్యారు. 2002లో కామారెడ్డిలో తొలి ధూంధాం జరిగింది. రసమయి బాలకిషన్ వంటి కళాకారులు దానికి రూపమిచ్చారు. డప్పు, ఒగ్గు, కోలాటం, గొల్లసుద్దులు, నేతల ప్రసంగం అన్నీ ఒకే వేదిక మీద రాత్రంతా సాగేవి. నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు పాటగా మారాక నిరక్షరాస్యులు కూడా వాటిని అప్పజెప్పగలిగారు. సినిమాల్లో విలన్‌కో, హాస్యపాత్రకో పరిమితమైన యాస వేదిక మీద గర్వంగా పలికింది.

2009 నవంబరు నుంచి విద్యార్థులే ఉద్యమానికి ముందున్నారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు పగలూ రాత్రీ పాట ఆగలేదు. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్, అదే ఏడాది సకల జనుల సమ్మె అన్నింటా కళాకారులు ముందు వరుసలో నడిచారు. బడి ముఖం చూడని పశుల కాపరి, తాపీ మేస్త్రి అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' బడుల్లో, సభల్లో మోగింది. అరుణోదయ సాంస్కృతిక సంస్థకు చెందిన విమలక్క బతుకమ్మను బహుజన బతుకమ్మగా ఊరూరా నిలబెట్టారు.

రాష్ట్రం వచ్చాక

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అదే ఏడాది ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని నెలకొల్పి 550 మంది ఉద్యమ కళాకారులకు జీతాలిచ్చింది. ఆకలితో పాడినవారికి బతుకుదెరువు దొరకడం న్యాయమే. కానీ ప్రభుత్వ పథకాలను పాడే ఉద్యోగికి ప్రభుత్వాన్ని ప్రశ్నించే వీలు తగ్గుతుంది. పాట పదును మొద్దుబారిందన్న విమర్శ అక్కడినుంచే వచ్చింది.

ఈలోగా యువత చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. యూట్యూబ్ జానపదానికి కొత్త సంత అయింది. అనంతపురం జిల్లాలోని బంజారా కుటుంబం నుంచి వచ్చిన మంగ్లీ తెలంగాణ పండుగ పాటలతో ఇంటింటా తెలిసిన గాయని అయ్యారు. 2021లో ఒక పెళ్లికూతురి డాన్స్‌తో 'బుల్లెట్టు బండి' పాట దేశమంతా తిరిగింది. పాట చిత్రీకరించి విడుదల చేయడానికి ఇప్పుడు పార్టీ గానీ, సినిమా కంపెనీ గానీ అక్కర్లేదు. ప్రేమ, పెళ్లి, పండుగ ఈ పాటల్లో ఎక్కువ, నిరసన తక్కువ. ఉద్యమ బాణీలు ఎన్నికల ప్రచార పాటలుగా మారాయి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రధాన పార్టీలు డప్పు దరువుల మీదే ఓట్లు అడుగుతున్నాయి.

దశాబ్దాల పాటు ఎన్నికల రాజకీయాలను తిరస్కరించిన గద్దర్ 2018లో తొలిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసినప్పుడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికింది. 2024 జనవరిలో నంది అవార్డులకు బదులు గద్దర్ పేరిట పురస్కారాలు ఇస్తామని ప్రకటన వచ్చింది. అదే ఏడాది రాష్ట్రావతరణ దినాన అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. ఒకప్పుడు నిషేధించిన పాటకు ఇప్పుడు రాజ్యమే పీట వేసింది.

ఈ ఎనభై ఏళ్లలో ఊరి బయట ఉంచిన డప్పు సభా వేదిక ఎక్కింది, ఎగతాళికి గురైన యాస గౌరవం పొందింది, బడికి పోని కవి రాష్ట్ర గీతం రాశాడు. పాట సాధించిన ఈ విజయాలు ఎవరూ వెనక్కి తీసుకోలేనివి. అయితే నీళ్లు, భూమి, కొలువు గురించి అది వేసిన ప్రశ్నలు చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ ప్రశ్నలు ఉన్నన్నాళ్లూ వాటిని అడగాల్సిన పాట అవసరమూ ఉంటుంది. అందుకు కావలసిన వాద్యాలు, బాణీలు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేని వేదిక ఈ తరం చేతిలో సిద్ధంగా ఉన్నాయి.